అరవైలోనూ గెలవడానికే ఆడదాం

మిత్రులందరికీ నమస్కారం.

వయసు మీద పడ్డాక క్రికెట్ ఆడేవాళ్లకు మర్యాద కాస్త ఎక్కువే దొరుకుతుంది. మనం బ్యాట్ పట్టుకుని దిగితే కుర్ర బౌలర్ రనప్ తగ్గించుకుంటాడు. చేతిలో పడ్డ క్యాచ్ జారిపోయినా ఎవరూ ఏమీ అనరు. రెండు పరుగులు వచ్చే చోట ఒకటి తీసి ఆగిపోతే "పర్లేదు సార్" అంటారు. ఆ మర్యాద వెనక ప్రేమే ఉంది, కాదనను. అయినా దాన్ని మనం చేతులు జోడించి వద్దనాలని చెప్పడానికే ఇవాళ ఇక్కడికొచ్చాను. లీగ్ మ్యాచ్‌కి పేరిచ్చి, ప్యాడ్లు కట్టుకుని, స్కోరు పుస్తకంలో పేరు ఎక్కించుకున్నాక ఎదుటి జట్టు మనల్ని ఔట్ చేయడానికి శాయశక్తులా ప్రయత్నించాలి. మనమూ వాళ్లను ఓడించడానికి అంతే గట్టిగా ప్రయత్నించాలి. రెండు వైపులా ఆ పట్టుదల ఉన్నప్పుడే అది మ్యాచ్ అవుతుంది.

తెలుగువాళ్లుగా మనకు ఈ విషయంలో పెద్ద వారసత్వమే ఉంది. సి.కె. నాయుడు గారు 1895లో పుట్టారు. 1932లో లార్డ్స్ మైదానంలో భారత్ తన తొలి టెస్టు ఆడినప్పుడు ఆయనే కెప్టెన్. అప్పటికే ముప్ఫై ఆరేళ్లు. ఇప్పుడైతే ఆ వయసుకి వీడ్కోలు సభలు పెడుతున్నారు. ఆయన మాత్రం 1956-57 సీజన్లో, అరవై దాటాక కూడా, ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ట్రోఫీ ఆడారు. అంతకు కొన్నేళ్ల ముందు ఒక రంజీ ఫైనల్లో బంతి ముఖానికి తగిలి పళ్లు ఊడితే, వాటిని పిచ్ మీదనుంచి పక్కకు నెట్టేసి బ్యాటింగ్ కొనసాగించారనీ, బౌలర్ జాలిపడి వేగం తగ్గిస్తే ఒప్పుకోలేదనీ పాతతరం వాళ్లు చెబుతారు. హెల్మెట్ లేకుండా అలా ఆడమని నేనెవరికీ చెప్పను. వేగం తగ్గించొద్దన్న ఆ పట్టుదల ఉంది చూడండి, అది మనకు కావాలి.

ఇంగ్లండ్ ఆటగాడు విల్‌ఫ్రెడ్ రోడ్స్ కథ నాకు ఇంకా ఇష్టం. ఎందుకంటే అందులో మనం నేర్చుకోదగ్గ కిటుకు ఉంది. 1899లో టెస్టుల్లోకి ఎడమచేతి స్పిన్నర్‌గా వచ్చాడు, మొదట్లో చివరి బ్యాట్స్‌మన్‌గా దిగేవాడు. 1912కల్లా జాక్ హాబ్స్‌తో కలిసి ఇన్నింగ్స్ ప్రారంభించి మెల్‌బోర్న్‌లో తొలి వికెట్‌కు 323 పరుగులు జోడించాడు. 1926లో ఓవల్ టెస్టుకు సెలక్టర్లు మళ్లీ పిలిస్తే నలభై ఎనిమిదేళ్ల వయసులో వచ్చి, రెండో ఇన్నింగ్స్‌లో 44 పరుగులకు 4 వికెట్లు తీసి ఆస్ట్రేలియాతో ఆడే యాషెస్ సిరీస్ గెలిపించాడు. చివరి టెస్టు 1930లో కింగ్‌స్టన్‌లో, యాభై రెండేళ్లప్పుడు. ముప్ఫై ఏళ్లలో జట్టుకు ఏది అవసరమైతే అది అయ్యాడు. ఇరవై ఏళ్లప్పటి తననే పట్టుకుని వేలాడి ఉంటే అంత కాలం నిలిచేవాడు కాడు. ఇక హాబ్స్ సంగతి చెప్పాలంటే, ఫస్ట్‌క్లాస్‌లో కొట్టిన దాదాపు రెండొందల సెంచరీల్లో సగం దాకా నలభై దాటాక కొట్టినవే.

వాళ్లంతా మహానుభావులు, మనకెలా పోలిక అంటారేమో. మనలాంటివాళ్లకు కూడా ఇప్పుడు ప్రపంచకప్ ఉంది. యాభై దాటినవాళ్ల తొలి ప్రపంచకప్ 2018లో సిడ్నీలో జరిగింది. అరవై దాటినవాళ్లది 2022లో బ్రిస్బేన్‌లో, 2024లో చెన్నైలో జరిగాయి. వాటిలో ఆడినవాళ్లు నెట్స్ చేసి, ఎంపికలో నెగ్గి, అక్కడికి చేరినవాళ్లే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వయసు మననుంచి ఏం తీసుకుంటుంది, ఏం వదిలేస్తుంది?

గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చెయ్యి వదిలాక బ్యాటును చేరడానికి అర సెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది. 90 కిలోమీటర్ల బంతికి ముప్పావు సెకను దగ్గర. ఈ కాస్త సమయంలో బ్యాట్స్‌మన్ కళ్లు ఏం చేస్తాయో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పరిశీలించి 2000లో ప్రచురించారు. బంతి మీదనుంచి చూపు తిప్పకూడదని మనకు చిన్నప్పటినుంచీ చెప్పారు కదా. నిజానికి బ్యాట్స్‌మన్ బంతిని దారి పొడవునా చూడడు. చెయ్యి వదిలే క్షణంలో చూస్తాడు, తర్వాత చూపు బంతిని దాటుకుని ముందుకు దూకి, అది ఎక్కడ పడబోతోందో అక్కడ కాచుకుని ఉంటుంది. పడ్డాక మళ్లీ కాసేపు వెంబడిస్తుంది. మంచి బ్యాట్స్‌మన్‌కీ మామూలు బ్యాట్స్‌మన్‌కీ తేడా ఆ దూకడంలోనే ఉంది. మంచివాడి చూపు ముందుగా అక్కడికి చేరుతుంది.

ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎందుకంటే బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం వేలాది బంతులు ఆడితేనే వచ్చే విద్య. కండరం వేగం తగ్గుతుంది, నిజమే. ఝటితిగా కదిలించే కండర తంతువులే వయసుతో ముందు సన్నబడతాయి. చూసినదానికి స్పందించడం కూడా కొంచెం మందగిస్తుంది. కానీ బౌలర్ భుజం, మణికట్టు, క్రీజులో అతను నిలబడ్డ చోటు చూసి లెంత్, అంటే బంతి పిచ్ మీద ఎక్కడ పడుతుందో, ఊహించే శక్తి ఆడుతూ ఉన్నంత కాలం మనతోనే ఉంటుంది. ఆ 'ఆడుతూ ఉన్నంత కాలం' అన్నదే ముఖ్యం. మెత్తగా వేసే బంతులే ఆడుతూ పోతే ఆ ఊహ మొద్దుబారిపోతుంది. నెట్స్‌లో కుర్రాళ్లను పూర్తి వేగంతో వేయమని నేను పట్టుబట్టేది అందుకే.

పోగొట్టుకున్న ఆ కొద్ది క్షణాన్ని మరో చోట సంపాదించుకోవాలి. బౌలర్ ఆఖరి అడుగు వేసేసరికే బ్యాటు పైకి లేచి ఉండాలి. బంతి వచ్చాక ఎత్తుదామంటే కుదరదు. పాత బరువు బ్యాటును మోజు కొద్దీ మోయకండి, తేలికైనది తీసుకోండి. ఎగిసి వచ్చే బంతిని అడ్డంగా లాగి కొట్టే హుక్ షాట్ మీకెంత పేరు తెచ్చి ఉన్నా సరే, దాన్ని పక్కన పెట్టి నిటారు బ్యాటుతో ఆడే షాట్ల మీద పరుగులు చేయండి. ఫీల్డింగ్‌లో సందులు కనిపెట్టడం మీకు తెలిసినంతగా ఇరవై ఏళ్లవాడికి తెలియదు.

కళ్లద్దాల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. నలభైల్లో చత్వారం రాగానే చాలామంది ప్రోగ్రెసివ్ అద్దాలకు మారతారు. పైభాగం దూరానికి, కిందభాగం చదువుకోవడానికి. ఆఫీసులో హాయిగానే ఉంటుంది. మైదానంలో అదే ముంచుతుంది. వికెట్ కీపర్ పక్కన స్లిప్‌లో వంగి నిలబడ్డవాడి దగ్గరకు మోకాలి ఎత్తులో బంతి వచ్చిందనుకోండి. తల కదలదు, చూపు కిందికి దిగుతుంది. దిగిన చూపు నేరుగా చదువుకునే భాగంలో పడుతుంది. బంతి ఆఖరి గజం దూరంలో అలుక్కుపోతుంది. చేతులు సరైన చోటే ఉంటాయి, ముడుచుకోవడం మాత్రం రెప్పపాటు ఆలస్యమవుతుంది. అందరూ "వయసైపోయింది పాపం" అనుకుంటారు. ఆటకోసం కేవలం దూరపు చూపు అద్దాలతో, బంతి తగిలినా పెంకులు లేవని పాలీకార్బొనేట్ జత ఒకటి చేయించుకుంటే సరిపోయేదానికి వయసును తిట్టడం ఎందుకు? సాయంత్రం వెలుతురులో బంతి చుట్టూ మసకగా కనిపిస్తుంటే శుక్లం ఉందేమో కూడా చూపించుకోండి.

రెండోది పిక్క. ఐదో నంబరు బ్యాట్స్‌మన్ ప్యాడ్లు కట్టుకుని కుర్చీలో గంటకు పైగా కూర్చుంటాడు. వికెట్ పడుతుంది. లేచి, చేతులు నాలుగుసార్లు తిప్పి, నడుచుకుంటూ వెళ్తాడు. రెండో బంతిని మిడాన్ వైపు నెడతాడు. అవతలివాడు "యస్" అంటాడు. మొదటి అడుగు మునివేళ్ల మీద పడగానే వెనకనుంచి ఎవరో రాయి విసిరినట్టు పిక్క మీద దెబ్బ. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కండరం చిరిగింది. ఇక వారాల తరబడి ఆట లేదు.

దీన్ని చాలావరకు ఆపవచ్చు. మెట్టు అంచున మునివేళ్లతో నిలబడి మడమలు పైకెత్తి, చాలా నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం ఉంది. లేపడం కంటే దించడంలోనే దాని బలమంతా. మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో, సీజన్ మొదలవడానికి చాలా ముందునుంచే చేయాలి. మ్యాచ్ రోజున, మీ ముందువాడు ఆడుతుండగా బౌండరీ బయట చిన్న చిన్న పరుగులు తీస్తూ ఉండండి. చూసేవాళ్లు ఏమనుకుంటారో అన్న బిడియం వద్దు. నడకవల్ల గుండెకు మేలు జరుగుతుంది గానీ, ఒక్కసారిగా దూకే పరుగుకు నడక సిద్ధం చేయదు. బరువులు ఎత్తడం అందుకే అవసరం, యాభై తర్వాత మరీనూ.

గాయపడ్డ బ్యాట్స్‌మన్ బదులు పరుగులు తీసే రన్నర్ గురించి కూడా ఒక మాట. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో రన్నర్‌ను 2011లో తీసేశారు. క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ క్లబ్బు నిబంధనల్లో మాత్రం ఇంకా ఉంది. అయితే అది మ్యాచ్ సమయంలో తగిలిన గాయానికే. పాత మోకాలి నొప్పితో వచ్చి, పది ఓవర్లు ఆడి, రన్నర్‌ను అడగడం నిబంధనకు సరిపడదు. మీ టోర్నీ నియమాల్లో సడలింపు ఉంటే అది వేరే సంగతి. లేకపోతే అడగకండి. అంపైర్‌ను ఇబ్బంది పెట్టి సంపాదించిన పరుగులు మనకు వద్దు.

బౌలర్లకు ఎక్కువ చెప్పను, రోడ్స్ చెప్పాల్సింది చెప్పేశాడు. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలను తాకినప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం మోకాలి మీద, నడుము మీద పడుతుంది. రనప్ తగ్గించి, వేళ్లతో బంతిని కోసినట్టు వదిలి పడ్డాక పక్కకు తిప్పే కట్టర్లకు మారండి, లేదా స్పిన్ నేర్చుకోండి. యాభై ఏళ్లకు స్పిన్ నేర్చుకోవడం కుదురుతుంది. చిన్న చిన్న స్పెల్స్‌గా వేయనివ్వమని కెప్టెన్‌కు ముందే చెప్పండి.

నా ఉద్దేశంలో మన మ్యాచ్‌లు ఓడిపోయేది ఫీల్డింగ్‌లోనే. ఆదివారం నెట్స్ అంటే అందరూ బ్యాటు పట్టుకుని వరుసలో నిలబడతారు, క్యాచ్‌లు కొడతాను రండి అంటే నలుగురు కూడా రారు. వంగడం బాధగా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ ఆ బాధ ఉందనే సాధన చేయాలి. భుజం అరిగినవాడు బౌండరీ నుంచి నేరుగా కీపర్‌కు విసరక్కర్లేదు. మధ్యలో ఒకరు నిలబడి అందుకుని విసిరితే రెండో పరుగు ఆగుతుంది. దీన్ని ముందుగా మాట్లాడుకుని అభ్యాసం చేసిన జట్టు, చేయని జట్టుమీద సులువుగా గెలుస్తుంది. కాళ్లు కదలనివాడిని మొహమాటానికి కవర్స్‌లో నిలబెట్టకండి. చేతులు బాగుంటే స్లిప్‌లో పెట్టండి. అదీ కుదరకపోతే బంతి తక్కువగా వెళ్లే చోటు చూసుకోండి. ఎక్కడ నిలబెట్టినా బ్యాట్స్‌మన్‌ను చూస్తూ ప్రతి బంతికీ రెండడుగులు లోపలికి నడిచి రావాలి. అది ఏ వయసులోనైనా చేయగలిగిన పని.

గట్టిగా ఆడదామంటున్నాను కాబట్టి జాగ్రత్త కూడా గట్టిగానే చెబుతాను. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం జరిగే ప్రమాదం ఎక్కువ. ఆ మాత్రలు వాడుతున్నామని కెప్టెన్‌కు చెప్పడంలో నామోషీ ఏమీ లేదు. స్పిన్నర్‌ను ఆడినా హెల్మెట్ పెట్టుకోండి, దగ్గరి ఫీల్డింగ్‌లోనూ పెట్టుకోండి. తలకు తగిలితే బాగానే ఉందనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. మెట్లెక్కుతుంటే ఛాతీలో బరువుగా అనిపించినవాళ్లు వైద్యుడు చూసి సరేననేదాకా మైదానంలోకి దిగకండి. ప్రతి జట్టులో కనీసం ముగ్గురికి సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే ప్రథమ చికిత్స, చేయడం వచ్చి ఉండాలి. గుండె ఆగిన మనిషికి అంబులెన్స్ వచ్చేలోపు దొరికే ఆ కొద్ది నిమిషాలే ప్రాణం. దీన్ని ఈ సీజన్ మొదలయ్యేలోగా నేర్చుకుందాం. నేర్పేవాళ్లను పిలిపించే బాధ్యత నేను తీసుకుంటాను.

చివరగా ఎంపిక కమిటీల్లో ఉన్నవాళ్లతో మాట్లాడాలి. పుట్టిన సంవత్సరం చూసి మమ్మల్ని తీసేయకండి, అదే సంవత్సరం చూసి జట్టులో ఉంచనూ వద్దు. పోయిన కొన్ని మ్యాచ్‌ల్లో ఏం చేశామో చూడండి, నెట్స్‌కి వస్తున్నామా లేదా చూడండి, ఫీల్డింగ్‌లో ఎన్ని పరుగులు ఇచ్చామో లెక్క కట్టండి. మా కంటే బాగా ఆడే కుర్రాడుంటే చోటు వాడిదే. తీసేసినప్పుడు మాత్రం జాబితాలో పేరు లేకపోవడం చూసి మేమే తెలుసుకునేలా చేయకండి. ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకు తీసేశారో, మళ్లీ రావాలంటే ఏది మెరుగుపరుచుకోవాలో కుర్రాళ్లకు చెప్పినట్టే మాకూ చెప్పండి. విని, నెట్స్‌కి వస్తాం.