గది ఒకచోట, పని ఒకచోట, పాప ఇంకోచోట

(బడ్జెట్ సమావేశాల ముందు మా స్టూడియోలో గంటసేపు జరిగిన చర్చ ఇది. మాటలు అక్కడక్కడా కుదించాం. ఫ్యాక్టరీలో పనిచేసిన అక్క తన పేరు వేయొద్దన్నారు. అందుకే మిగతావాళ్ల పేర్లూ వేయలేదు.)

యాంకర్: నమస్కారం. ఎవరైనా ఫ్యాక్టరీ పెడతామంటే ప్రభుత్వం భూమి ఇస్తుంది, కరెంటు రాయితీ ఇస్తుంది, గేటు దాకా రోడ్డు వేస్తుంది. అందులో పనిచేసే అమ్మాయి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఆమె బిడ్డను పగలు ఎవరు చూస్తారు? ఈ రెండు ఖర్చులూ ఎవరు పెట్టుకోవాలన్నది మన అసెంబ్లీలో గట్టిగా ఎవరూ అడగట్లేదు. ముందు అక్కతో మొదలుపెడదాం. అక్కా, విశాఖ దగ్గర అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో ఎన్నేళ్లు చేశారు?

కార్మికురాలు: తొమ్మిదేళ్లండి. బట్టల ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్‌ని. మాది శ్రీకాకుళం జిల్లా. మొదట ఐదుగురం కలిసి ఒక గది తీసుకున్నాం. పదడుగులు ఇటు, పదడుగులు అటు. ఒక షిఫ్టు వాళ్లు లేచి వెళ్తే ఇంకో షిఫ్టు వాళ్లం వచ్చి అదే చాప మీద పడుకునేవాళ్లం. ఓనరు గదికి ఇంత అని తీసుకోడు, తలకింత అని లెక్కకడతాడు. మా చెల్లి చూడ్డానికొచ్చి రెండు రాత్రులుంటే దానికీ డబ్బులు తీసుకున్నాడు.

యాంకర్: పాప పుట్టాక?

కార్మికురాలు: పెళ్లయ్యాక ఇద్దరం వేరే గది చూసుకున్నాం, కొంచెం దూరంగా. అద్దె తక్కువని. పాపకి తొమ్మిదో నెల రాగానే మళ్లీ పనిలోకి వెళ్లాను. పొద్దున షిఫ్టయితే నాలుగూ నలభైకి బస్సు. పక్కింటి పెద్దమ్మకి నెలకింత అని ఇచ్చి పాపని అప్పజెప్పేదాన్ని. ఒకరోజు వచ్చి చూస్తే పాప కాలికి, మడమ పైన, ఎర్రగా గీత ఉంది. ఏంటిదంటే, పాకుతూ రోడ్డు మీదకి పోతోందమ్మా, చున్నీతో మంచం కోడుకి కట్టానంది. ఆవిడ చెడ్డదని నేననను. అరవై దాటిన మనిషి, పరిగెత్తలేదు. ఆ రాత్రి కొబ్బరినూనె రాస్తుంటే పాప కాలు లాక్కోలేదు, ఏడవలేదు. కట్టడం అదే మొదటిసారి కాదని నాకప్పుడు తెలిసింది. ఆ ఆదివారమే తీసుకెళ్లి మా అమ్మ దగ్గర దింపేశాను.

యాంకర్: ఇప్పుడు?

కార్మికురాలు: రెండో క్లాసు. అక్కడే ఉంది.

యాంకర్: మేడమ్, మీరు ఫ్యాక్టరీల శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. ఫ్యాక్టరీలో క్రెచ్, అంటే తల్లి పనిలో ఉన్నప్పుడు పిల్లల్ని చూసుకునే చోటు, పెట్టాలని చట్టం ఉంది కదా?

మాజీ ఇన్‌స్పెక్టర్: పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. ముప్పై మందికి పైగా ఆడవాళ్లు పనిచేస్తే ఆరేళ్లలోపు పిల్లలకు గది పెట్టాలనేవాళ్లు. 2017లో ప్రసూతి చట్టం సవరించి, యాభై మంది ఉద్యోగులున్న ఏ సంస్థ అయినా క్రెచ్ పెట్టాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, వాటిలోనూ యాభై లెక్కే ఉంది. చట్టానికి లోటు లేదు. ఒకచోట నేను చూసిన క్రెచ్ గురించి చెప్తాను, ఫ్యాక్టరీ పేరు చెప్పను. గోడల మీద ఏనుగు, కుందేలు బొమ్మలు వేశారు, మంచి రంగులు. ఊయలకు చుట్టిన పాలిథిన్ కవర్ అలాగే ఉంది. రిజిస్టర్‌లో పదకొండు మంది పిల్లల పేర్లు ఉన్నాయి, హాజరు ఉంది, అంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత. గదిలో ఫినాయిల్ వాసన తప్ప పాల వాసన లేదు.

యాంకర్: కేసు పెట్టారా?

మాజీ ఇన్‌స్పెక్టర్: నోటీసు ఇచ్చాను. కానీ బయటికొచ్చి అక్కడి ఆడవాళ్లను అడిగితే నాకే మాట రాలేదు. ‘మేడమ్, నిజంగా తెరిచినా మేం తీసుకురాం’ అన్నారు. ఎందుకంటే ఈ అక్క చెప్పిన బస్సే. తెల్లవారుజామున, నిలబడ్డానికి చోటుండని బస్సులో, గంటసేపు ప్రయాణం. ఏడాది పిల్లను చంకనేసుకుని రోజూ ఎవరొస్తారు? క్రెచ్ ఫ్యాక్టరీలో ఉండాలని చట్టం రాసినవాళ్లు, తల్లి ఫ్యాక్టరీ పక్కనే ఉంటుందని అనుకున్నారు. ఒకప్పుడు అది నిజమే. మా నాన్న సింగరేణిలో చేశారు. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్, అడుగుల దూరంలో బడి, ఆస్పత్రి. మా అమ్మకి ఈ టెన్షన్ తెలీదు. ఇప్పుడు ఇల్లు తీసేసి క్రెచ్ ఒక్కటే చట్టంలో మిగిల్చాం.

యాంకర్: అధ్యాపకులు గారూ, తమిళనాడు ఇల్లు కట్టింది కదా. అదెలా ఉంది?

అధ్యాపకుడు: శ్రీపెరంబుదూరు దగ్గర వల్లం వడగాల్. 2024 ఆగస్టు 17న ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. సిప్‌కాట్ కట్టించింది, పారిశ్రామిక పార్కులు చూసే మన ఏపీఐఐసీ లాంటి ప్రభుత్వ సంస్థ. 706.50 కోట్ల ఖర్చు, 18,720 మంది మహిళలకు మంచాలు. దేశంలో ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం ఒక రాష్ట్రం ఇంత పెద్దది కట్టడం చిన్న విషయం కాదు, మెచ్చుకోవాలి. అయితే దాని వెనక ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2021 డిసెంబర్‌లో అక్కడి ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు హాస్టల్ తిండి తిని ఆస్పత్రి పాలయ్యారు. మిగతావాళ్లు చెన్నై–బెంగళూరు హైవే మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ కొన్ని వారాలు మూతపడింది. పనివాళ్ల వసతి రాష్ట్రానికి పెద్ద పని అయిపోయింది ఆ తర్వాతే.

మాజీ ఎమ్మెల్యే: రోడ్డెక్కితే గానీ పట్టించుకోరని మీరంటున్నారు.

అధ్యాపకుడు: అది మీరే చెప్పాలి సార్, అసెంబ్లీలో కూర్చున్నది మీరు. నేను ఇంకో మాట అనాలి. ఆ మంచాలన్నీ ఒంటరి అమ్మాయిల కోసం. పద్దెనిమిది నుంచి పాతిక దాకా ఉండే వయసు. పెళ్లయితే? బిడ్డ పుడితే? 2024 జూన్‌లో అక్కడ పెళ్లయిన ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవట్లేదని రాయిటర్స్ వార్తా సంస్థ రాస్తే, కేంద్ర కార్మిక శాఖ తమిళనాడును నివేదిక అడిగింది. ప్రభుత్వ డబ్బుతో డార్మిటరీ కట్టి, అందులో బిడ్డకు చోటు లేకుండా చేస్తే, ఆ వివక్షకు మనమే సిమెంటు పోసినట్టు.

కార్మికురాలు: సార్, ఒక్క మాట. ఒంటరి అమ్మాయిలకైనా ఇవ్వనీయండి. నేను పందొమ్మిదేళ్లప్పుడు అలాంటి మంచం దొరికుంటే చాలు అనుకునేదాన్ని.

అధ్యాపకుడు: ఒప్పుకుంటానమ్మా. వద్దనట్లేదు.

యాంకర్: కేంద్రం నుంచి కూడా డబ్బు వస్తోంది కదా?

అధ్యాపకుడు: వస్తోంది. 2024 జూలై బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి ఉద్యోగినుల హాస్టళ్లు, క్రెచ్‌లు రెండూ చెప్పారు. హాస్టళ్లకు రాష్ట్రాల పెట్టుబడి సాయం కింద 5,000 కోట్లు కేటాయించారు. అది 50 ఏళ్ల వడ్డీలేని అప్పు. ఇక్కడే అసలు చిక్కు. ఆ డబ్బు కట్టడానికే. ఇటుకకు, ఇనుముకు, లిఫ్టుకు ఇస్తారు. క్రెచ్‌లో ఖర్చంతా దేనికి? ఆయా జీతానికి, పాలకి, గుడ్డుకి. అది నెలనెలా వచ్చే ఖర్చు. ఆ అప్పుతో జీతం ఇవ్వడానికి లేదు. కాబట్టి ఏమవుతుంది? గది కడతారు, క్రెచ్ అని బోర్డు పెడతారు, మేడమ్ చెప్పిన పాలిథిన్ కవర్ అలాగే ఉంటుంది.

మాజీ ఇన్‌స్పెక్టర్: జీతం డబ్బు వచ్చేచోట కూడా గంటలు సరిపోవు. కేంద్రం పాల్నా పథకం ఉంది, కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. మంచి పథకమే. కానీ లెక్క వేయండి. షిఫ్టు ఎనిమిది గంటలు, పోను ఒక గంట, రాను ఒక గంట. పది గంటలకు ఏడున్నర గంటల క్రెచ్ ఏం సరిపోతుంది? పైగా 2025లో మన దగ్గర, ఆంధ్రలో, ఫ్యాక్టరీల చట్టం మార్చి రోజుకు గరిష్ఠ పనిగంటలు తొమ్మిది నుంచి పది చేశారు. సమ్మతి తీసుకుని, రవాణా ఏర్పాటు చేసి, ఆడవాళ్లను రాత్రి షిఫ్టుకూ పెట్టుకోవచ్చన్నారు. రాత్రి పనికి అనుమతిచ్చిన సభ, రాత్రి బిడ్డ ఎక్కడుంటుందని అడిగిందా?

యాంకర్: సార్, ఇది మీకే.

మాజీ ఎమ్మెల్యే: అడగలేదు. దాచను. నేను సభలో ఉన్నన్నాళ్లూ ఇళ్ల గురించి చాలా మాట్లాడాను. అన్నీ పట్టాల గురించే. ఇంటి పట్టా చేతిలో పెడితే అవ్వ కళ్లు తుడుచుకుంటుంది, అది నిజమైన సంతోషం. అద్దె ఇంటికి ఆ సంతోషం ఉండదు, శంకుస్థాపన తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఇంకోటి ఓటు. ఈ అక్క ఓటు శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది, బతుకు అచ్యుతాపురంలో. అక్కడి ఎమ్మెల్యేకి ఈమె సమస్య తెలీదు, ఇక్కడి ఎమ్మెల్యేకి ఈమె ఓటరు కాదు. మాకు వచ్చే అర్జీలు చూస్తే పింఛను, పట్టా, రోడ్డు. గేటు దగ్గర గది ఇప్పించండి అని ఒక్క అర్జీ నా దగ్గరికి రాలేదు.

మాజీ ఇన్‌స్పెక్టర్: ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజు బట్టలు ఉతుక్కోవాలా, అర్జీ పట్టుకుని తిరగాలా?

మాజీ ఎమ్మెల్యే: నిజమే మేడమ్. మేమే గేటు దగ్గరికి వెళ్లాల్సింది.

అధ్యాపకుడు: పట్టా మాటొచ్చింది కాబట్టి కొల్లూరు గురించి చెప్తాను. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు. 2023లో ప్రారంభించారు. ఇళ్లు బాగున్నాయి. కానీ నగరం నడిబొడ్డున పాచిపని చేసుకునే మనిషికి ఇల్లు అక్కడొస్తే పని ఇక్కడ ఉండిపోతుంది. సొంత ఇల్లు పనితో పాటు కదలదు. పనివాళ్లకు కావాల్సింది, ఉన్నన్నాళ్లు ఉండి వెళ్లగలిగే, నడిచిపోయే దూరంలో ఉండే, న్యాయమైన అద్దె ఇల్లు.

యాంకర్: కానీ సార్, మామూలు మనిషి ఒకటి అడుగుతాడు. లాభం కంపెనీది. పనివాళ్లకు గది, పిల్లలకు ఆయా మాత్రం మన పన్నుల డబ్బుతోనా?

అధ్యాపకుడు: న్యాయమైన ప్రశ్న. నాకూ ఆ అనుమానం ఉంది. రాష్ట్రం గది ఇస్తే కంపెనీ ఆ మేరకు జీతం పెంచదు. కట్టేది ప్రభుత్వం, నడిపేది కంపెనీ అయితే ఇంకా ప్రమాదం. ఉద్యోగం పోయిన రోజే గది పోతుంది. నోరెత్తితే పెట్టె సర్దుకోమంటారు.

కార్మికురాలు: అవునండి. మా పక్క లైన్‌లో ఒకమ్మాయి సూపర్‌వైజర్‌తో గొడవపడితే సాయంత్రానికి హాస్టల్ గేటు బయట ఉంది, బకెట్‌తో సహా.

మాజీ ఎమ్మెల్యే: నేను దీనికి ఒప్పుకోను. కంపెనీ చేతికి ఇవ్వకుండా మనమే నడపొచ్చు. పార్కు ఏపీఐఐసీది, తెలంగాణలో అయితే టీజీఐఐసీది. కంపెనీలకు మనం ప్రోత్సాహకాలు ఇస్తున్నాం. ఎన్ని ఉద్యోగాలిచ్చారని లెక్క చూసి ఇచ్చేవీ ఉన్నాయి. ఆ డబ్బులోంచే ఒక్కో కార్మికురాలికి ఇంత అని ముందే పట్టుకుని క్రెచ్‌కి మళ్లించొచ్చు. కొత్తగా పన్ను వేయక్కర్లేదు.

మాజీ ఇన్‌స్పెక్టర్: దానికి చట్టంలో దారి కూడా ఉంది. ఆ కొత్త కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రత కోడ్‌లో, సంస్థలు తలో చేయి వేసి ఉమ్మడి క్రెచ్ పెట్టుకోవచ్చు, ప్రభుత్వమో మున్సిపాలిటీయో నడిపే క్రెచ్ కూడా వాడుకోవచ్చు అని రాశారు. అంటే క్రెచ్ ఫ్యాక్టరీ గోడ లోపలే ఉండాలని లేదు. పనివాళ్లు ఉండే వీధిలో పెట్టి, పది ఫ్యాక్టరీల దగ్గర డబ్బు వసూలు చేయొచ్చు. అలా వసూలు చేయాలంటే రాష్ట్రం నిక్కచ్చిగా రాసుకోవాలి. ఏ వీధి, ఎన్ని గంటలు, ఎవరు కట్టాలి, కట్టకపోతే ఏం చేయాలి. మళ్లీ కాపీ కొట్టిన నిబంధనలు వేస్తే నేను చూసిన రిజిస్టరే ఇంకోసారి వస్తుంది.

యాంకర్: కర్ణాటక ఏదో చేసినట్టుంది?

మాజీ ఇన్‌స్పెక్టర్: కూసిన మనె, అంటే కన్నడంలో పసిపిల్లల ఇల్లు. 2023–24 బడ్జెట్‌లో నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో క్రెచ్‌లని ప్రకటించారు, ఉపాధి పనికెళ్లే తల్లుల పిల్లల కోసం. ఊళ్లో ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పెట్టారు. ఇక్కడ ఉపాధి పని కాదు, ఫ్యాక్టరీ పని. కానీ పిల్ల ఇంటి దగ్గరే ఉండాలన్న ఆలోచన మనకూ పనికొస్తుంది.

యాంకర్: అక్కా, పదిహేను నిమిషాలుగా వీళ్లు మాట్లాడుతున్నారు, మీరు వింటున్నారు. మీ ఇంటి దగ్గర అలాంటి క్రెచ్ పెడితే పాపని తెచ్చుకుంటారా?

కార్మికురాలు: నేనిప్పుడు మిషన్ మానేశానండి, నడుం పోయింది. కానీ మా గల్లీలో ఇప్పటికీ చాలామంది పిల్లల్ని ఊళ్లో వదిలే ఉన్నారు. తెచ్చుకుంటారు, ఎందుకు తెచ్చుకోరు. ఒకటే. ఆయా మారకూడదు. మూడు నెలలు జీతం ఇవ్వకపోతే ఆవిడ మానేస్తుంది, కొత్తావిడ వస్తుంది, పిల్ల ఏడుస్తుంది, తల్లి నమ్మదు. ఒకసారి నమ్మకం పోతే రెండోసారి తీసుకురారు.

అధ్యాపకుడు: అంటే జీతాల డబ్బు ఏడాదికి ముందే జమ చేసి పెట్టాలి. ఒక క్రెచ్ రెండు షిఫ్టులు నడవాలంటే కనీసం ఇద్దరు టీచర్లు, ఇద్దరు ఆయాలు.

యాంకర్: సార్, ఇది బడ్జెట్‌లో ఏ పద్దు కింద అడగాలి?

మాజీ ఎమ్మెల్యే: మహిళా శిశు సంక్షేమం కింద పెడితే పరిశ్రమల శాఖ తనది కాదంటుంది. పరిశ్రమల ప్రోత్సాహకాల పద్దులోనే ఒక లైన్‌గా పెట్టమని అడగాలి. గది, ఆయా, రెండూ ఒకే లైన్‌లో. విడదీస్తే గది వస్తుంది, ఆయా రాదు. నేను సభలో లేను గానీ ఉన్నవాళ్లు నాకు తెలుసు. ఈ వారమే ఇద్దరికి రాసిస్తాను.

అధ్యాపకుడు: వేళలు కూడా రాయండి. ఉదయం ఐదుకి తెరవాలని.

కార్మికురాలు: నాలుగున్నరకని రాయండి సార్. బస్సు నాలుగూ నలభైకే వచ్చేస్తుంది.