ఎపిసోడ్ 41: కేంద్రకంలో ప్రొటీన్లు, ఏనుగులు, మళ్లీ పేర్ల గొడవ

అక్క: రికార్డవుతోందా? సరే. ఈసారి కణ కేంద్రకంలో ఉండే ప్రొటీన్లు, క్యాన్సర్‌తో వాటికున్న సంబంధం, వాటి మీద పనిచేసే మందులు. ముందే చెప్తున్నా, పేర్ల జోలికి వెళ్లకు.

తమ్ముడు: పేర్ల మీద కొట్టుకున్న ఆ బకెట్ ఎపిసోడ్ తర్వాత నేను మారిపోయానక్కా.

అక్క: బకెట్ మాటెత్తకు. పీ53 అనే ప్రొటీన్‌తో మొదలుపెడదాం. డీఎన్‌ఏ దెబ్బతింటే ఇది కణ విభజనను ఆపిస్తుంది, మరమ్మతు చేయిస్తుంది, ఇక కుదరదనుకుంటే కణాన్నే చంపేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో దీని జన్యువు పాడై ఉంటుంది.

తమ్ముడు: 53 అని ఎందుకొచ్చిందంటే...

అక్క: అదిగో, మొదలు.

తమ్ముడు: ఒక్క నిమిషం! 1979లో జెల్ మీద, అంటే ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జిగురు పొర మీద చూస్తే, బరువు 53 కిలోడాల్టన్లు (ప్రొటీన్ల బరువు కొలిచే యూనిట్) అనిపించింది, అదే పేరైపోయింది. తీరా అసలు బరువు 44 కూడా లేదు, ప్రొలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువుండి జెల్‌లో నెమ్మదిగా కదిలిందంతే. పైగా పదేళ్లు దాన్ని క్యాన్సర్ పెంచేదనే అనుకున్నారు, ఎందుకంటే అప్పట్లో ల్యాబుల్లో వాడిన ఆ జన్యువు కాపీల్లో (క్లోన్లలో) చాలావాటికి మ్యుటేషన్లు, అంటే మార్పులున్నాయి. అది కాపలాదారని 1989లో గానీ తేలలేదు. పేరూ తప్పే, నిందా తప్పే.

అక్క: నింద సంగతి ఒప్పుకుంటా. పేరు తప్పైతే రోగికేంట్రా?

తమ్ముడు: సరే, ఏనుగు దగ్గరికి వద్దాం. ఒళ్లంతా అన్ని కణాలున్నా దానికి క్యాన్సర్ తక్కువ. మనకి ఈ జన్యువు ఒక్కటే, దానికి కనీసం 20. మనకీ నాలుగు ఎక్కించొచ్చుగా?

అక్క: ఆ 20లో ఒక్కటే అసలుది, మిగతావి తర్వాత పుట్టిన నకళ్లు, వాటిలో చాలావరకు సగంలో తెగిపోయినవే. పైగా 2002లో ఎలుకల్లో పీ53 జోరు పెంచి చూశారు. కణితులు తగ్గాయి, కానీ ఎలుకలు త్వరగా ముసలివైపోయాయి.

తమ్ముడు: అదే ఏడాది ఇంకో ల్యాబ్‌లో జన్యువుని దాని సొంత కంట్రోల్‌తో సహా అదనంగా పెడితే కణితులూ తగ్గాయి, ముసలితనమూ ముందు రాలేదు. అది చెప్పవేం?

అక్క: నేననేదీ అదే, కంట్రోల్ ఉండాలి! మామూలు కణంలో ఎండీఎమ్2 అనే ప్రొటీన్ దీన్ని ఎప్పటికప్పుడు అణచిపెడుతూనే ఉంటుంది. ఊరికే పెంచితే మంచిదనుకుంటే ఎలా?

తమ్ముడు: ఏనుగుని అడుగు.

అక్క: (నవ్వు) ఛీ. టైమైపోయింది, మందులు గబగబా చెప్పేస్తా. సెలినెక్సర్, 2019లో మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. కేంద్రకం నుంచి సరుకు బయటికి మోసుకెళ్లే ఎక్స్‌పీఓ1 అనే ప్రొటీన్‌ని అడ్డుకుంటుంది, దాంతో పీ53 లాంటివి లోపలే ఉండిపోతాయి. ఒలాపరిబ్ 2014లో వచ్చింది. డీఎన్‌ఏ మరమ్మతు చేసే బీఆర్‌సీఏ జన్యువు పాడైన క్యాన్సర్ కణానికి డీఎన్‌ఏ బాగుచేసుకునే ఒక దారి ముందే మూసుకుపోయి ఉంటుంది, ఇది పార్ప్ అనే ఇంకో మరమ్మతు ప్రొటీన్‌ని ఆపి రెండోదీ మూసేస్తుంది, దాంతో కణం చచ్చిపోతుంది. ఇక కేఐ-67 మందు కాదు, ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చూపించే గుర్తు.

తమ్ముడు: కేఐ అంటే జర్మనీలోని కీల్ నగరం, 67 అంటే ల్యాబ్‌లో వాడే 96 గుంటల ప్లేటులో 67వ గుంట. అదీ పేరు.

అక్క: ఎవరడిగారు?

తమ్ముడు: పిన్ని అడిగింది.

అక్క: ఏంటి?

తమ్ముడు: బయాప్సీ రిపోర్టులో కేఐ-67 అని చూసి, తనకి 67 శాతం ఉందనుకుంది. అసలు అంకె ఆ పక్కన ఉంది, చాలా చిన్నది. రాత్రంతా నిద్రపోలేదట. గుంట నంబరు పిన్నీ అది, అని చెప్తే ఏడ్చేసింది.

అక్క: ...నాకెందుకు ఫోన్ చేయలేదు?

తమ్ముడు: చేసింది. నువ్వు ఎత్తలేదు.

అక్క: ఆపు. రికార్డింగ్ ఆపరా.