రాబిన్ విలియమ్స్‌ని తలచుకుంటూ: ఆ నవ్వూ నిజమే, ఆ జబ్బూ నిజమే

అందరికీ నమస్కారం.

డిప్రెషన్ గురించి, ఆత్మహత్య గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. లెక్కలతో మొదలుపెట్టొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఏటా 7 లక్షల మందికి పైగా ఆత్మహత్య చేసుకుని చనిపోతున్నారు. కానీ ఆ అంకె విన్నాక కళ్ళ ముందు ఏ ముఖమూ కదలదు. అందుకని నాకు చాలా ఇష్టమైన ఒక మనిషి గురించి మాట్లాడతాను. ఆయన హాలీవుడ్ హాస్యనటుడు రాబిన్ విలియమ్స్.

1951లో షికాగోలో పుట్టారు. స్టేజి ఎక్కి మైకు పట్టుకుంటే ఒక్కరే పదిమంది గొంతులతో మాట్లాడేవారు. 'అలాడిన్' కార్టూన్ సినిమాలో జీనీ గొంతు ఆయనదే. 'మిసెస్ డౌట్‌ఫైర్'లో పిల్లలకి దూరంగా ఉండలేక ముసలి ఆయా వేషం వేసుకున్న తండ్రి ఆయనే. 'గుడ్ విల్ హంటింగ్'లో, దెబ్బలు తింటూ పెరిగిన కుర్రాడికి 'తప్పు నీది కాదు' అని మళ్ళీ మళ్ళీ చెప్పే సైకాలజిస్టుగా నటించి ఆస్కార్ అందుకున్నారు. 2014 ఆగస్టు 11న, 63 ఏళ్ళ వయసులో, కాలిఫోర్నియాలోని తన ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నారు. ఎలా అన్నది నేను చెప్పను. అది తెలిస్తే ఎవరికీ మేలు జరగదు, కొందరికి కీడు జరుగుతుంది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఆ వార్త విని, జీవితంలో ఒక్కసారి కూడా కలవని మనిషి కోసం ఏడ్చినవాళ్ళు ఎందరో. దానికి సిగ్గుపడక్కర్లేదు. మనసు బాగాలేని రోజుల్లో నవ్వించినవాడు మనకి కావలసినవాడే. అయితే ఆ దుఃఖంలో చాలామంది ఒక మాట అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. 'పైకి నవ్వు, లోపల ఏడుపు. ఆ నవ్వంతా ముసుగే.' వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు.

'సూపర్‌మ్యాన్'గా మనకి తెలిసిన క్రిస్టఫర్ రీవ్, రాబిన్‌ది న్యూయార్క్‌లోని జూలియార్డ్ స్కూల్లో నటన చదువుకున్నప్పటి స్నేహం. 1995లో రీవ్ గుర్రం మీంచి పడ్డారు. మెడ దగ్గర నుంచి కింద శరీరమంతా చచ్చుబడిపోయింది. ఇక బతకడం ఎందుకు అనుకుంటూ ఆసుపత్రిలో పడుకుని ఉన్న ఆయన గదిలోకి ఒక డాక్టరు తలుపు తోసుకుని వచ్చాడు. పసుపుపచ్చ గౌను, నీలం టోపీ, రష్యన్ యాస. తక్షణం వెనకవైపు పరీక్ష చేయాలంటూ హడావిడి మొదలుపెట్టాడు. చూస్తే రాబిన్. ప్రమాదం తర్వాత తాను మొదటిసారి నవ్వింది అప్పుడేనని, ఎలాగోలా కోలుకోగలనని అనిపించింది కూడా అప్పుడేనని రీవ్ తర్వాత చెప్పుకున్నారు. ఒక మనిషికి బతుకు మీద ఆశ పుట్టించిన నవ్వుని ముసుగు అని ఎలా అంటాం?

రాబిన్‌కి డిప్రెషన్ ఉండేది. కొకైన్‌తో, మద్యంతో పోరాటం ఉండేది. ఆ సంగతులు ఆయన దాచుకోలేదు, స్టేజి మీదా ఇంటర్వ్యూల్లోనూ చెప్పుకున్నారు. ఇరవై ఏళ్ళు మానేసిన మద్యం మళ్ళీ పట్టుకుంటే 2006లో వెళ్ళి చికిత్సకి చేరారు. ఇదంతా నిజం. ఆ నవ్వూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది నటన అయి తీరాలని ఎందుకు పట్టుబట్టాలి? ఈ పట్టుదల వల్ల నష్టం మన ఇళ్ళలోనే జరుగుతుంది. ఎప్పుడూ సరదాగా ఉండే మనిషి వచ్చి 'నాకు బాగుండట్లేదు' అంటే మనం నమ్మం. 'నిన్నంతా నవ్వుతూనే ఉన్నావు కదా, ఇవాళ డిప్రెషన్ ఏంటి?' అంటాం. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు నవ్వుతారు, ఆఫీసుకి వెళ్తారు, పిల్లల్ని ఆడిస్తారు. నవ్వు చూసి జబ్బు లేదని తేల్చకండి.

ఇక రెండో మాట. ఆయన పోయిన మర్నాటికే ప్రపంచమంతా ఒక కారణం రాసేసింది, డిప్రెషన్ అని. మళ్ళీ తాగుడు మొదలుపెట్టి ఉంటాడన్నారు కొందరు. ఆ తర్వాత బయటపడిన సంగతులు వేరు. ఆయన భార్య సూజన్ ష్నైడర్ విలియమ్స్ 2016లో 'న్యూరాలజీ' అనే వైద్యపత్రికలో, నేరుగా డాక్టర్లని ఉద్దేశించి ఒక వ్యాసం రాశారు. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. 2013 చివరి నెలల నుంచి ఆయనకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టుండే బాధలు మొదలయ్యాయి. మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, వాసన తెలియకపోవడం, ఎడమ చేతిలో వణుకు, ఎంత ఓదార్చినా తగ్గని భయం. 2014 ఏప్రిల్‌లో వాంకూవర్‌లో షూటింగ్ చేస్తుంటే ఒక్క డైలాగు కూడా గుర్తుండలేదు. మూడేళ్ళ ముందు బ్రాడ్‌వే నాటకంలో నెలల తరబడి వందల డైలాగులు తప్పు పోకుండా చెప్పిన నటుడు ఆయన. మే నెలాఖరులో పార్కిన్సన్స్ అని, అంటే వణుకు పుట్టించి కదలికల్ని మందగింపజేసే మెదడు జబ్బని డాక్టర్లు తేల్చారు. 'నాకు అల్జీమర్సా? డిమెన్షియానా? స్కిజోఫ్రెనియానా?' అని ఆయన అడిగితే కాదన్నారు. తన మెదడుని ఒక్కసారి రీబూట్ చేసుకోవాలని ఉందని భార్యతో అంటుండేవారట.

పోస్ట్‌మార్టమ్ వివరాలు నవంబరులో బయటికొచ్చాయి. అసలు జబ్బు లూయీ బాడీ వ్యాధి. ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రోటీన్ మెదడు కణాల్లో ముద్దలుగా పేరుకుని, ఆలోచన, జ్ఞాపకం, నిద్ర, కదలిక, భయం అన్నిటినీ చెడగొడుతుంది. రాబిన్ మెదడులో అది దాదాపు అన్నిచోట్లా వ్యాపించి ఉంది. మద్యం గానీ మత్తుమందులు గానీ ఒంట్లో లేవు. ఆయన్ని పీడించిన ఎన్నో లక్షణాల్లో డిప్రెషన్ ఒకటి మాత్రమేనని, అదీ చిన్నదని సూజన్ చెప్పారు. 1990లో వచ్చిన 'అవేకెనింగ్స్' సినిమాలో ఆయనే మెదడు జబ్బుతో బిగుసుకుపోయిన రోగుల్ని కదిలించడానికి తపించే డాక్టరుగా నటించారు. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

డిప్రెషన్ మీద మాట్లాడడానికి వచ్చి ఈ సంగతి ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, ఆత్మహత్యకి ఒక్క కారణం వెతికే అలవాటు మనందరికీ ఉంది. పరీక్ష తప్పిందని, ప్రేమ కుదరలేదని, అప్పులయ్యాయని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. పరీక్ష తప్పినవాళ్ళు లక్షల్లో ఉంటారు, వాళ్ళు బతికే ఉన్నారు. చనిపోయిన ఒక్కరి విషయంలో చాలా కలిసి ఉంటాయి. ముందు నుంచీ ఉన్న జబ్బు, వారాల తరబడి నిద్రలేమి, మద్యం, ఎవరికీ చెప్పుకోలేని అవమానం, అప్పటికప్పుడు తగిలిన దెబ్బ. వీటిలో ఏ ఒక్కటి తగ్గించగలిగినా మనిషి నిలబడే అవకాశం పెరుగుతుంది. అందుకే ఒక్క కారణంతో సరిపెట్టుకోకూడదని ఇంతగా చెప్తున్నాను.

డిప్రెషన్ అంటే ఏంటో కూడా సూటిగా చెప్పుకుందాం. కష్టం వచ్చి బాధపడడం డిప్రెషన్ కాదు. కనీసం రెండు వారాలు, దాదాపు రోజంతా, మనసు కుంగిపోయి ఉండటం, లేదా ఇష్టమైనవాటి మీద కూడా ఇష్టం పోవడం. దాంతో పాటు నిద్ర, ఆకలి తారుమారవుతాయి. ఒంట్లో సత్తువ ఉండదు. స్నానానికి లేవడమే పెద్ద పని అవుతుంది. చిన్న విషయం మీద నిర్ణయం తీసుకోలేరు. ఎందుకూ పనికిరానని, అందరికీ బరువయ్యానని అనిపిస్తుంది. చావు గురించిన ఆలోచనలు వస్తాయి. చేయి విరిగితే డాక్టరు దగ్గరికి వెళ్దామని అనుకోవడానికి మెదడు బాగానే ఉంటుంది. ఇక్కడ ఆలోచించాల్సిన ఆ మెదడే జబ్బు పడింది. 'నీకేం తక్కువ?' అని అడిగితే, 'నిజమే, ఏమీ తక్కువ లేదు, అయినా ఇలా ఉన్నానంటే తప్పు నాదే' అనుకుంటారు. మనం ధైర్యం చెప్పామనుకుంటాం, వాళ్ళకి ఇంకో నేరం అంటగట్టి వస్తాం.

దీనికి వైద్యం ఉంది. మందులు ఉన్నాయి, కౌన్సెలింగ్ ఉంది, చాలామందికి రెండూ కలిసి పనిచేస్తాయి. మందు వేసుకున్న మర్నాడే తేడా కనిపించదు, కొన్ని వారాలు పడుతుంది. ఒక మందు పనిచేయకపోతే ఇంకొకటి ఉంటుంది. తగ్గింది కదా అని సొంతంగా మానేయొద్దు. ఇది డాక్టర్లు చెప్తారు కాబట్టి నేను ఇక్కడ సాగదీయను.

ఆయన పోయిన రోజు ఆస్కార్ ఇచ్చే అకాడమీ ట్విటర్‌లో జీనీ బొమ్మ పెట్టి, సినిమా చివర్లో దీపం చెర నుంచి బయటపడ్డ జీనీతో అన్నట్టే, నువ్విక స్వేచ్ఛగా ఉన్నావని రాసింది. ప్రేమతోనే రాశారు. లక్షలమంది ప్రేమతోనే పంచుకున్నారు. కానీ ఆత్మహత్యల నివారణకి పనిచేసేవాళ్ళు వెంటనే అభ్యంతరం చెప్పారు, అది సరైన అభ్యంతరం. ఇవాళ చావు గురించి ఆలోచిస్తూ ఫోన్ చూస్తున్న మనిషికి ఆ మాట ఏం చెప్తుంది? దారి అదేనని చెప్తుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, రాబిన్ మరణం తర్వాత 2014 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు అమెరికాలో మామూలుగా ఉండాల్సినదానికన్నా 1,841 ఆత్మహత్యలు ఎక్కువ జరిగాయి. దాదాపు 10 శాతం పెరుగుదల. దానికి మీడియా ఒక్కటే కారణమని ఎవరూ రుజువు చేయలేరు. కానీ చనిపోయిన తీరుని వర్ణించి రాసిన వార్తలు అప్పుడు కోకొల్లలు.

దీనికి భిన్నంగా జరిగిన సందర్భం కూడా ఉంది. 1994 ఏప్రిల్‌లో కర్ట్ కొబేన్ అనే గాయకుడు ఆత్మహత్య చేసుకున్నప్పుడు సియాటిల్‌లో ఇలాగే జరుగుతుందని భయపడ్డారు. జరగలేదు. అక్కడ హెల్ప్‌లైన్‌కి ఫోన్లు మాత్రం బాగా పెరిగాయి. సహాయం ఎక్కడ దొరుకుతుందో పదేపదే చెప్పడం, చావుని గొప్ప చేయకపోవడం దీనికి తోడ్పడ్డాయని పరిశోధకులు భావించారు. మన వాట్సప్ గ్రూపుల్లో ఇలాంటి ఫొటోలు, ఉత్తరాలు, 'ఇక ప్రశాంతంగా నిద్రపో' లాంటి మాటలు ఎంత తేలిగ్గా ఫార్వర్డ్ అవుతాయో మీకు తెలుసు. దయచేసి మీ దగ్గర ఆపేయండి.

'చావాలనుకున్నవాడిని ఎవరు ఆపగలరు?' అని నన్ను చాలామంది అడుగుతారు. ఆపగలం. శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి నిమిషంలో ఎవరో అడ్డుపడి ఆపిన 515 మంది తర్వాత ఏమయ్యారో ఒక పరిశోధకుడు వెతికి 1978లో ప్రచురించారు. అందులో 94 శాతం మంది ఏళ్ళ తర్వాత కూడా బతికే ఉన్నారు, లేదా సహజంగానే పోయారు. ఆ క్షణం ఎంత భయంకరంగా ఉన్నా శాశ్వతంగా ఉండేది కాదు. అది దాటేవరకు పక్కన మనిషి ఉండాలి, ప్రమాదకరమైన వస్తువులు అందుబాటులో లేకుండా చూడాలి.

మీకు అనుమానం వస్తే నేరుగా అడగండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని అందరూ భయపడతారు. పరిశోధనల్లో అలా ఎక్కడా తేలలేదు. చాలామంది ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే సలహాలు మొదలుపెట్టకండి. వినండి, ఒంటరిగా వదలకండి, వెంటపెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు ఒక పని చేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళి, ఇక చికిత్స వద్దన్న 843 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఐదేళ్ళ పాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు పంపించారు. మీరు బాగున్నారనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి. అంతే. మందు లేదు, ఉపదేశం లేదు, జవాబివ్వాలన్న ఒత్తిడి లేదు. ఉత్తరాలు అందినవాళ్ళలో ఆత్మహత్యలు తగ్గాయి, మొదటి రెండేళ్ళలో ఆ తేడా స్పష్టంగా కనిపించింది. మెసేజ్ పెట్టడం ఇప్పుడు ఎంత సులువో చెప్పక్కర్లేదు. ఈ మధ్య ఫోన్ ఎత్తని స్నేహితుడు ఉంటే ఇవాళే ఒకటి పెట్టండి. జవాబు రాకపోతే కోప్పడకుండా కొన్నాళ్ళకి ఇంకొకటి పెట్టండి.

ఈ హాల్లో సొంత మనిషిని ఇలా పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉంటారు. 'ఆ రోజు ఫోన్ ఎత్తి ఉంటే, ముందు రోజు తిట్టకుండా ఉంటే' అని మీరు లోపల్లోపల అనుకుంటూ ఉండి ఉంటారు. సూజన్ పక్కనే ఉన్నారు. మంచి డాక్టర్లు, పరీక్షలు, ప్రేమించే కుటుంబం అన్నీ ఉన్నాయి. అయినా జబ్బు పేరు ఆయన పోయాకే తెలిసింది. ఇప్పుడు మీకు తెలిసినవన్నీ అప్పుడు మీకు తెలియవు. మీరు ప్రేమించలేదని ఆ మనిషి వెళ్ళిపోలేదు. మీ దుఃఖం గురించి మాట్లాడుకునే హక్కు మీకుంది, మీకూ కౌన్సెలింగ్ అవసరం పడొచ్చు.

ఇప్పుడు నంబర్లు రాసుకోండి. మన దేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్న మీ పిల్లలకి, స్నేహితులకి అక్కడి హెల్ప్‌లైన్ నంబరు 988 చెప్పండి. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగలేనివాళ్ళు కంగారు పడొద్దు, హాలు ఖాళీ అయ్యేవరకు నేను ఇక్కడే ఉంటాను.