తెర్మేను అడిగిన ప్రశ్న: 'ఎ సెపరేషన్' చిత్రంపై విశాఖపట్నంలో చేసిన ప్రసంగం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మనమందరం ఇప్పుడే కలిసి చూసిన 'ఎ సెపరేషన్' అస్గర్ ఫర్హాదీ దర్శకత్వంలో 2011లో వచ్చిన ఇరానీ చిత్రం. ఆ ఏడాది బెర్లిన్ చలనచిత్రోత్సవంలో గోల్డెన్ బేర్‌ను, 2012లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్‌ను గెలుచుకుంది. ఆ రెండూ ఇరాన్ చిత్రాలకు అంతకుముందు దక్కని గౌరవాలు. ఈ విశాఖపట్నంలో కుటుంబ వివాదాల కేసులు చూసే న్యాయవాదిగా నాకు ఈ చిత్రం మీద ఇంత మక్కువ కలగడానికి కారణం మాత్రం వేరే ఉంది. విడాకుల కథ అనగానే తప్పు భర్తదా, భార్యదా అని తేల్చుకోవడానికి మనం సిద్ధపడి కూర్చుంటాం. ఫర్హాదీ మన దృష్టిని నెమ్మదిగా, మనకు తెలియకుండానే, ఆ ఇద్దరి మధ్య పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్న వాళ్ల పదకొండేళ్ల కూతురు తెర్మే వైపు తిప్పుతాడు. తల్లిదండ్రులు విడిపోవడం వల్ల పిల్లలకు కలిగే బాధ ఒకటి. ఆ తగవులో తమను సాక్షులుగా, చివరకు తీర్పరులుగా నిలబెట్టడం వల్ల కలిగే బాధ మరొకటి. మొదటిది కొన్ని ఇళ్లలో తప్పనిది కావచ్చు. రెండోది పెద్దవాళ్లు తలచుకుంటే తప్పించగలిగినది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఈ రెండో బాధ గురించే.

చిత్రం న్యాయమూర్తి ఎదుట మొదలవుతుంది. న్యాయమూర్తి మనకు కనిపించడు. కెమెరా ఆయన స్థానంలో ఉంటుంది కాబట్టి భర్త నాదెర్, భార్య సిమిన్ ఇద్దరూ మన కళ్లలోకి చూస్తూ వాదించుకుంటారు. సిమిన్‌కు విదేశం వెళ్లడానికి వీసా వచ్చింది, దాని గడువు ఇంకో నలభై రోజులే ఉంది, కూతుర్ని ఈ పరిస్థితుల్లో పెంచనని ఆమె అంటుంది. మతిమరుపు వ్యాధితో ఉన్న తండ్రిని వదిలి రానని నాదెర్ అంటాడు. కొడుకునని ఆయనకు తెలియనే తెలియదు కదా అని ఆమె అడిగితే, ఆయన తన తండ్రి అని తనకు తెలుసు కదా అన్నది అతని సమాధానం. ఇద్దరిలో ఎవరిదీ అన్యాయమైన మాట కాదు. ఈ వాదన మనకు కొత్తదీ కాదు. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో పనిచేసి రిటైరైన తండ్రి ఇక్కడ, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉద్యోగం వచ్చిన కొడుకో కోడలో అక్కడ: మన ఎంవీపీ కాలనీలో, గాజువాకలో ఇటువంటి తర్జనభర్జన జరగని వీధి ఉందని నేను అనుకోను.

సిమిన్ పుట్టింటికి వెళ్లిపోయిన రోజు జరిగిన ఒక చిన్న సంఘటనను మీలో కొందరు గమనించి ఉండకపోవచ్చు. పియానోను కిందికి దింపడానికి వచ్చిన కూలీలు, చెప్పినదానికంటే ఒక అంతస్తు ఎక్కువైందని అదనంగా డబ్బు అడుగుతారు. సిమిన్ సొరుగులోంచి తీసి ఇచ్చి తన పనిలో పడిపోతుంది. తరువాత ముసలాయనను చూసుకోవడానికి కుదిరిన రజియే ఆయనను మంచానికి కట్టి, తలుపు తాళం వేసి బయటకు వెళ్లిన రోజున, తండ్రి నేల మీద పడి ఉండడం చూసి కోపంతో ఊగిపోతున్న నాదెర్‌కు సొరుగులో డబ్బు తక్కువగా ఉందన్న సంగతి కూడా తెలుస్తుంది. దొంగతనం నింద రజియే మీద పడుతుంది. ఆ డబ్బు ఇంటి ఇల్లాలే తీసిందన్న మాట చిత్రం ముగిసేవరకూ ఎవరి నోటా రాదు. భార్యాభర్తలు ఒకే కప్పు కింద ఉండి ఉంటే, సాయంత్రం టీ తాగుతూ అనుకునే రెండు మాటల్లో తేలిపోయే సంగతి అది. ఆ రెండు మాటలు లేకపోవడం వల్ల ఆ నింద, నాదెర్ రజియేను బయటకు నెట్టడం, ఆమె మెట్ల మీద పడడం, దానివల్లే గర్భస్రావమైందన్న కేసు వరుసగా వచ్చి పడ్డాయి. విడాకులు దంపతుల మధ్యనే ఆగిపోవని చెప్పడానికి ఇంతకంటే బలమైన కథాసంవిధానం నేను చూడలేదు.

ఇక తెర్మే సంగతి. తండ్రి ఆమెను ఎంత ప్రేమిస్తాడో పెట్రోలు బంకు దృశ్యంలో కనిపిస్తుంది. కారు దిగి పెట్రోలు తనే పట్టుకొమ్మంటాడు, చిల్లర తిరిగి అడిగి తెచ్చుకొమ్మని మళ్లీ పంపిస్తాడు, కూతురు నిలబడి అడుగుతుంటే అద్దంలోంచి చూసి సంతోషిస్తాడు, ఆ చిల్లర ఆమెనే ఉంచుకొమ్మంటాడు. నిజం పక్కన ధైర్యంగా నిలబడడం నేర్పిన తండ్రి అతను. అందుకే తరువాత జరిగేది అంత దారుణంగా అనిపిస్తుంది. రజియే గర్భవతి అని తెలిసి నెట్టాడా, తెలియక నెట్టాడా అన్నదాని మీద కేసు నిలబడి ఉంది. తెలియదని అతను న్యాయాధికారి ఎదుట చెప్పాడు. కూతురు మాత్రం మాటల్లోని తేడాను పట్టుకుని నిలదీస్తుంది. తెలుసని అతను ఆమె దగ్గర ఒప్పుకుంటాడు, తను జైలుకు పోతే ఆమె గతి ఏమిటని భయపడ్డానంటాడు, కావాలంటే వెళ్లి నిజం చెప్పేస్తానని కూడా అంటాడు. పైకి చూస్తే అది కూతురికి ఇచ్చిన గౌరవంలా ఉంటుంది. నిజానికి అతను తన బరువును ఆ చిన్న భుజాల మీదకు మార్చాడు. న్యాయాధికారి పిలిచి అడిగినప్పుడు తెర్మే తండ్రిని కాపాడే అబద్ధం చెబుతుంది. తరువాత కారులో కూర్చుని మాట లేకుండా ఏడుస్తుంది. ఆ పాత్ర వేసినది దర్శకుడి సొంత కూతురు సరీనా. నటన గురించి ఎక్కువ చెప్పను, ఆ కన్నీళ్లు మీరూ చూశారు.

ఇక్కడ నాకు తెలిసిన ఒక పిల్లవాడి గురించి చెప్పాలి. తల్లిదండ్రులు విడిగా ఉంటున్నారు, కోర్టు ఉత్తర్వు ప్రకారం ఆదివారాలు తండ్రి దగ్గర గడుపుతాడు. తండ్రి అతణ్ని ఆర్కే బీచ్‌కు తీసుకువెళతాడు. సాయంత్రం తల్లి ఇంటికి చేరేముందు ఆ పిల్లవాడు మెట్ల దగ్గర ఆగి, బూట్లు విప్పి ఇసుక దులిపేసుకుని, మేజోళ్లు కూడా తిరగేసి విదిలించి, అప్పుడు పైకి వెళతాడు. ఎవరూ అతనికి అలా చేయమని చెప్పలేదు. తండ్రితో ఆనందంగా గడిపానని తెలిస్తే అమ్మ ముఖం చిన్నబోతుందని తనంతట తనే తెలుసుకున్నాడు. ఆ తల్లి చెడ్డది కాదు, కొడుకును పల్లెత్తు మాట అన్న మనిషీ కాదు. అయినా ఆ ఎనిమిదేళ్లవాడు సాక్ష్యాలు మాయం చేయడం నేర్చుకున్నాడు. 'మీ నాన్న దగ్గర ఇంకెవరైనా ఉన్నారా', 'భరణం డబ్బుతో మీ అమ్మ ఏం కొన్నది' అని పిల్లలను ఆరా తీసే ఇళ్లలో ఈ విద్య మరింత త్వరగా అబ్బుతుంది. తెర్మే కోర్టులో ఒక్కసారి చేసిన పనిని మన పిల్లలు వారం వారం చేస్తున్నారు.

విడాకులే వద్దని నేను అనడం లేదు, ఈ మాట స్పష్టంగా రికార్డులో ఉండాలి. హింస ఉన్న ఇంట్లో, ద్వేషం గూడుకట్టుకున్న ఇంట్లో పిల్లల పేరు చెప్పి ఇద్దరినీ కట్టిపడేయడం ఆ పిల్లలకే శిక్ష. పరస్పర అంగీకారంతో విడిపోయే దారిని మన హిందూ వివాహ చట్టం 1976 సవరణతో తెరిచింది. దరఖాస్తు వేశాక ఆగవలసిన ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మర్యాదగా విడిపోవడానికి చట్టంలో చోటు ఉంది. చిక్కంతా కస్టడీ దగ్గర, అంటే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర వస్తుంది. పిల్లల సంక్షేమమే అన్నింటికంటే ముఖ్యమని 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షకత్వ చట్టం అంటుంది; తెలివిగా ఇష్టాన్ని చెప్పగల వయసు పిల్లలకు ఉంటే కోర్టు ఆ ఇష్టాన్ని పరిగణించవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అంటుంది. పరిగణించవచ్చు అన్న ఆ వెసులుబాటును వాదప్రతివాదాల వేడిలో మనం 'నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా' అన్న ఒక్క ప్రశ్నగా కుదించేశాం. వాయిదాకు ముందు వారం రోజులు ఆ ప్రశ్నకు జవాబు బట్టీ పట్టించే తల్లిదండ్రులు ఉన్నారు, కొత్త సైకిలు కొనిపెట్టి జవాబు రాబట్టుకునేవారూ ఉన్నారు.

ఇంకో పిల్ల గురించి ఒక్క మాట. రజియే కూతురు సొమాయే ఇంకా బడికి కూడా వెళ్లే వయసు కాదు. ఆమె తల్లిదండ్రులు విడిపోలేదు. అయినా అప్పుల వాళ్లు తరుముతున్న తండ్రికీ, పాపభీతితో వణికే తల్లికీ మధ్య పెద్దవాళ్ల గొడవలన్నీ కళ్లు విప్పార్చుకుని చూస్తూనే ఉంటుంది. రెండు కుటుంబాలు కలిసినప్పుడు తెర్మే, సొమాయే ఒకరినొకరు చూసుకునే చూపును గుర్తుచేసుకోండి. పెద్దవాళ్లలో ఒక్కరికీ ఆ చూపు కనిపించదు.

చివరి దృశ్యంలో నాదెర్, సిమిన్ నల్ల దుస్తుల్లో ఉన్నారు. ముసలాయన పోయాడని మనమే అర్థం చేసుకోవాలి. ఎవరి దగ్గర ఉంటావని న్యాయమూర్తి తెర్మేను అడుగుతాడు. నిర్ణయించుకున్నానంటుంది, కానీ వాళ్ల ముందు చెప్పలేకపోతుంది, వాళ్లు బయటకు వెళ్లి నిలబడతారు. ఆ జవాబు మనకు వినిపించదు. ఇందాక హాల్లో కొందరు నిట్టూర్చారు, కథ అసంపూర్తిగా వదిలేశాడని అన్నారు. దర్శకుడు చేసింది సరైన పని అని నా గట్టి అభిప్రాయం. ఆమె ఎవరి పేరు చెప్పినా మనం వెంటనే గెలుపోటములు లెక్క వేసుకునేవాళ్లం, ఆ ప్రశ్న అడగడమే తప్పన్న సంగతి మరిచిపోయేవాళ్లం.

మరి ఏం అడగాలి? పొద్దున నీకు జడ ఎవరు వేస్తారు, స్కూల్ డైరీలో సంతకం ఎవరు పెడతారు, జ్వరం వస్తే పక్కన ఎవరు పడుకుంటారు, నీ పుస్తకాలు ఏ ఇంట్లో ఉంటాయి, అమ్మ దగ్గర ఉన్నప్పుడు నాన్నకు ఫోన్ చేయాలనిపిస్తే చేయగలవా అని అడగాలి. వీటికి జవాబు చెప్పడంలో పిల్ల ఎవరినీ ఓడించనక్కర్లేదు, న్యాయమూర్తికి కావలసిన సమాచారం మొత్తం వచ్చేస్తుంది. ఇలా అడగడం తెలిసిన నిపుణుల సాయం తీసుకోవడానికి 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 12వ సెక్షన్ వీలు కల్పిస్తోంది, ఏ పక్షమైనా కోరితే విచారణను ఆంతరంగికంగా జరపాలని 11వ సెక్షన్ చెబుతోంది. ఈ సభలో నాతోపాటు ఇక్కడి కోర్టుల్లో కస్టడీ కేసులు చూస్తున్న సహచరులు ఉన్నారు. మీ తరువాతి కేసులో ఏ పక్షం తరఫున ఉన్నా, పిల్లను పిలిపించమని కోరేముందు ఆ 12వ సెక్షన్ కింద ఒక పిటిషన్ వేయండి. ముసాయిదా రాయడంలో ఎవరికైనా సాయం కావలిస్తే సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను.