అంగడిలో కూర్చుని చదివిన పుస్తకాలు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, ముందు వరుసల్లో కూర్చున్న కళాశాల పిల్లలకు నా అభినందనలు.

నాకు ముందు మాట్లాడినవారు సాహిత్యం బోధించేవారు. నేను పాతూరులో కిరాణా అంగడి నడుపుతాను. పొద్దున పాల ప్యాకెట్ల వేళ, సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చే వేళ తల ఎత్తడానికి కూడా తీరిక ఉండదు. మధ్యాహ్నం ఎండకు వీధిలో మనిషి కనబడడు కాబట్టి అప్పుడు చదువుతాను. వరస అంటూ ఏమీ లేదు. నాటకం అయ్యాక అనువాద నవల, దాని తర్వాత పద్యాలు, ఆ తర్వాత ఎవరో ఇచ్చిన యాత్రా పుస్తకం. ఏది దొరికితే అది.

అయితే ఏ పుస్తకం తెరిచినా నేను ముందుగా చూసేది ఒకటుంది. ఇందులో మనుషులు ఏం తిని బతుకుతున్నారు? ఆ తిండికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరికి ఎంత బాకీ ఉన్నారు? రచయిత ఈ సంగతి చెబితే ఆ మనుషులను నేను నమ్ముతాను. చెప్పకపోతే వాళ్ళ ప్రేమలూ దుఃఖాలూ ఎంత అందంగా రాసినా నా మనసుకు పట్టవు. విమర్శకులు ఈ కొలత ఒప్పుకోకపోవచ్చు. నాకున్న కొలత ఇదే. దీనితోనే కొన్ని పుస్తకాల గురించి నా అభిప్రాయాలు చెబుతాను.

గురజాడవారి కన్యాశుల్కం మీలో చాలామంది చదివే ఉంటారు. మొదట 1892లో ఆడారు, ఇప్పుడు మనం చదువుతున్నది 1909లో ఆయన తిరిగి రాసిన రూపం. గిరీశం మాటలకు అందరూ నవ్వుతారు, నాకూ నవ్వు వస్తుంది. కానీ నేను ఆ నాటకంలో పూటకూళ్ళమ్మ పక్షం. సంతలో సామాన్లు తెచ్చిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకుపోయి గిరీశం వేరే దానికి ఖర్చు పెట్టేస్తాడు. ఆ కాలంలో ఇరవై రూపాయలంటే ఎంతమందికి ఎన్ని పూటల భోజనమో ఒక్కసారి ఆలోచించండి. నలుగురికి వండి పెట్టి పొట్ట పోసుకునే మనిషికి అది పెట్టుబడి. ఆమె చీపురు పట్టుకుని మధురవాణి ఇంటిదాకా వెతుక్కుంటూ వస్తే ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. నాకు మాత్రం ఆమె కోపం న్యాయంగా కనిపిస్తుంది. గురజాడ ఆ బాకీని మొదటి అంకంలోనే పెట్టారు. గిరీశం ఎలాంటివాడో చెప్పడానికి అతని ఉపన్యాసాలకంటే ఆ ఇరవై రూపాయలే పెద్ద సాక్ష్యం అని నా నమ్మకం.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన బెంగాలీ నవల ఆరణ్యక్. సూరంపూడి సీతారాం గారు దాన్ని వనవాసి పేరుతో తెలుగు చేశారు. కలకత్తాలో ఉద్యోగం లేక, మెస్సుకు బాకీ పడి ఉన్న సత్యచరణ్ అనే యువకుడికి బీహారు అడవుల్లో ఒక జమీందారీ ఎస్టేటుకు మేనేజరు ఉద్యోగం దొరుకుతుంది. అడవిని నరికించి, భూమిని రైతులకు పంచి, శిస్తు రాబట్టడం అతని పని. వెళ్ళిన కొత్తలో ఆ ఒంటరితనం భరించలేడు. తర్వాత ఆ అడవి మీదే ప్రాణం పెట్టుకుంటాడు. ప్రాణం పెట్టుకున్న అడవిని తన చేతులతోనే నరికిస్తాడు, ఎందుకంటే అతని జీతం దానికే.

ఈ నవలను మెచ్చుకునేవారందరూ అందులోని వెన్నెల గురించి, సరస్వతీ కుండం దగ్గర ఎక్కడెక్కడి నుంచో పూల మొక్కలు తెచ్చి నాటే యుగళప్రసాద్ గురించి చెబుతారు. అవి గొప్పగానే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది ఒక ఇనుప బాణలి గురించి. ఎస్టేటు కచేరీలో మునేశ్వర్ సింగ్ అనే సిపాయి ఉంటాడు. ఒకరోజు మేనేజరు దగ్గరికి వచ్చి, తనకు ఒక ఇనుప బాణలి కొనిపెట్టమని అడుగుతాడు. బాణలి ఉంటే అందులోనే వండుకోవచ్చు, అందులోనే తినవచ్చు, ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకుపోవచ్చు, కింద పడినా పగలదు. ఎంతో కాలంగా అదే అతని కోరిక, కొనుక్కునే స్తోమత లేదు. మా అంగడిలో బాణళ్ళు కొక్కేనికి వేలాడుతూ ఉంటాయి. ఆ పేజీలు చదివిన రోజున లేచి వెళ్ళి వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాను. రోజూ అమ్మే వస్తువే. ఒక మనిషి జీవితమంతా దాని చుట్టూ ఎలా తిరుగుతుందో ఆ రచయిత చూపించాకే నాకు తెలిసింది.

ఆ నవలలో అన్నం అంటే పండగ. అక్కడివాళ్ళు చీనా గడ్డి గింజలు, పిండి తిని రోజులు గడుపుతారు. మేనేజరు వస్తున్నాడు, అన్నం దొరుకుతుందని ఎంతో దూరం నుంచి పిలవకుండానే నడిచి వస్తారు. కుంత అనే వితంతువు, మేనేజరు విస్తట్లో మిగిలిన మెతుకులను పిల్లలకు పట్టుకుపోవడానికి చలిలో బయట నిలబడి ఎదురుచూస్తుంది. రచయిత ఎక్కడా గొంతు పెంచడు, జాలిపడమని అడగడు. ఎవరు ఏం తిన్నారో చెబుతూ పోతాడు. అది చాలు. నల్లమలను చూసినవారు, మన కొండల మీద చెట్లు ఎలా పోయాయో ఎరిగినవారు ఈ పుస్తకం తప్పక చదవాలని నా మనవి.

ఏడుతరాలు గురించి కూడా చెప్పాలి. ఆఫ్రికా నుంచి ఎత్తుకుపోయి బానిసగా అమ్మిన ఒక పిల్లవాడి గురించి, అతని కుటుంబం గురించి అలెక్స్ హేలీ అమెరికాలో 1976లో ప్రచురించిన నవలకు సహవాసి గారి తెలుగు. బానిసల ఓడ గురించి, కొరడా దెబ్బల గురించి అందరూ మాట్లాడతారు. అవి చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, నిద్ర పట్టదు. నన్ను ఆ కుటుంబానికి దగ్గర చేసింది మాత్రం అంతకు ముందు భాగం. ఆఫ్రికాలో కుంటా కింటే పుట్టిన జుఫూరే గ్రామంలో ఆడవాళ్ళు వరి పండిస్తారు, మగవాళ్ళు వేరుశనగ వేస్తారు. వేరుశనగ! పాత ధాన్యం అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆకలి రోజులు ఆ ఊళ్ళో ఏటా వస్తాయి. అనంతపురం జిల్లావాళ్ళకు ఇది ఒకరు చెప్పాలా? మా ఖాతా పుస్తకంలో ఆ రోజులు కనబడతాయి. జూన్, జూలైలలో విత్తనం పడుతుంది. ఆగస్టు నుంచి అరువులు పెరుగుతాయి. నూనె కిలోకు బదులు పావుకిలో అడుగుతారు. కాయలు ఇంటికి వచ్చి అమ్ముడుపోయాకే పద్దులు కొట్టివేయడం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే నేల ఇది. ఆ వాన కూడా అదనుకు రాకపోతే ఆ పద్దులు మరుసటి ఏడాదికి పోతాయి. ఖండాల అవతల ఉన్న పల్లె నాకు పొరుగూరిలా అనిపించింది. ఓడ ఎక్కించేటప్పటికి కుంటా నాకు తెలిసిన ఇంటి పిల్లవాడు. అందుకే అంత ఏడ్చాను.

బుచ్చిబాబు గారి చివరకు మిగిలేది విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. 1946 నాటి నవల. కథానాయకుడు దయానిధి మనసు లోపలికి రచయిత వెళ్ళిన తీరు, తల్లి మీద లోకం వేసిన నింద ఆ కొడుకు జీవితమంతా వెంటాడిన తీరు మరిచిపోలేనివి. అమృతం పాత్ర ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. అంతవరకు నేను ఆ పుస్తకానికి దండం పెడతాను. కథ మన సీమకు వచ్చేసరికి నాకు తేడా కొట్టింది. దయానిధికి ఇక్కడ వజ్రం దొరుకుతుంది, ధనవంతుడు అవుతాడు. బుచ్చిబాబు గారు అనంతపురంలో ఇంగ్లిషు అధ్యాపకుడిగా పనిచేసినవారు. ఈ నేల ఆయనకు తెలియనిది కాదు. అయినా నవలలో ఈ నేల ఒక వజ్రం ఇచ్చే చోటుగా, ప్రాంతాల మధ్య వైరం రగిలే చోటుగా నిలిచిపోయింది. ఇక్కడి మనుషులు ఏం తిన్నారో, ఏ పని చేశారో నాకు సరిపడా కనిపించలేదు.

వజ్రకరూరు చుట్టుపక్కల, అటు కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడిన మర్నాడు చూడండి. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్ళు బయటపడతాయి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ సద్ది మూట కట్టుకుని వచ్చి, నడుములు వంచి, అడుగు తర్వాత అడుగు వేస్తూ నేలను చూస్తూ నడుస్తారు. మెరిసిన ప్రతి గాజుపెంకునూ ఎత్తి వెలుగుకు పట్టి చూస్తారు. ఎవరో ఒకరికి దొరికిన వార్త పత్రికలో వస్తుంది. మిగిలినవాళ్ళు ఒక రోజు కూలి పోగొట్టుకుని ఇంటికి వెళతారు. ఈ కూలి పోవడం ఎవరైనా నవలగా రాస్తే నేను చదవాలని ఉంది. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో ఎవరైనా రాస్తారని ఆశ.

మన నేలను మనవాళ్ళే రాసిన పుస్తకాలు ఉన్నాయి. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారి పెన్నేటి పాట 1956లో పుస్తకంగా వచ్చింది. నీళ్ళు లేని ఏటి మీద ఒక కావ్యం! రంగన్న, గంగమ్మల పేదరికాన్ని ఆయన పద్యాల్లో చెప్పారు. నేను పద్యానికి అర్థం వెతుక్కుంటూ చదివే మనిషిని కాను, పైకి చదువుకుంటూ పోయాను, చాలావరకు దానంతట అదే బోధపడింది. బండి నారాయణస్వామి గారి శప్తభూమికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో హండే రాజుల నాటి అనంతపురం. పాత్రలు చాలా ఎక్కువ, రెండు మూడు సార్లు వెనక్కి తిప్పి చూసుకోవలసి వచ్చింది. రాజుల కథ అనుకుని తెరిస్తే కరువు, ఆడపిల్లలను దేవుడి పేరున వదిలేసే బసివి ఆచారం, కోటకు బయట బతికినవారి ఆకలి ఎదురయ్యాయి. మన చరిత్ర పాఠాలు ఎప్పుడైనా ఇలా చెప్పాయా అనిపించింది.

డబ్బు సంపాదించడం ఎలా, గెలవడం ఎలా అనే పుస్తకాలు కూడా కొన్ని చదివాను. గిరాకీదారు బాకీ తీర్చలేని ఇంట్లో చావు జరిగితే ఆ పద్దు ఏం చేయాలో వాటిలో ఎక్కడా లేదు. ఉప్పునూ కర్పూరాన్నీ పక్కపక్కన పెట్టి వేమన చెప్పిన నాలుగు పాదాలు నాకు వాటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. మా అంగడిలో ఆ రెండూ ఒకే వరసలో ఉంటాయి మరి.

ప్రస్తుతం చదువుతున్నది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, పల్లకీలతో, పరివారంతో కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. మజిలీ మజిలీకీ ఆ ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళు మంచివా, దిగడానికి చోటుందా, కావలసిన సామాన్లు దొరుకుతాయా అని రాసుకుంటూ పోతారు. ఇలాంటి రచయిత కోసమే నేను ఇన్నాళ్ళు ఎదురుచూశాను! తిరుపతి, కడప, అహోబిలం దాటి ఆయనతోపాటు శ్రీశైలం చేరాను. కందనూరు, అంటే ఇప్పటి కర్నూలు, నవాబు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేయించే చోట ఆగాను. భాష పాతది కాబట్టి నెమ్మదిగా సాగుతోంది. మీలో ఎవరైనా ఆ పుస్తకం పూర్తిగా చదివి ఉంటే, సభ అయ్యాక దయచేసి ఒక్క నిమిషం ఆగండి. అందులోని పాత కొలతలు, నాణేల గురించి అడగవలసినవి ఒక కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నాను.

నమస్కారం.