ఫలితం వచ్చాకే అసలు పరీక్ష: ఎన్నికల వేళ పరాయి దేశంలో వాలంటీర్లు

హోస్ట్: నమస్కారం. ఇవాళ నేరుగా విషయంలోకి వెళ్దాం. సహాయ సంస్థ తరఫున పరాయి దేశంలో వాలంటీరుగా ఉన్నారు. అక్కడ ఎన్నికలొచ్చాయి, వాతావరణం వేడెక్కింది. పోలింగ్ రోజు తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటే సరిపోతుందా అండీ?

అతిథి: సరిపోదండీ. పోలింగ్ రోజు ఎక్కడ చూసినా పోలీసులు, పరిశీలకులు, కెమెరాలే కాబట్టి చాలాచోట్ల అది ప్రశాంతంగానే గడిచిపోతుంది. లెక్కింపు సాగదీస్తున్నప్పుడు, ఫలితం ప్రకటించగానే గొడవ మొదలవుతుంది. కెన్యాలో 2007 పోలింగ్ డిసెంబర్ 27న జరిగింది. 30న సాయంత్రం ఫలితం చెప్పారు, ఆ వెంటనే అల్లర్లు. వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇళ్ళు వదిలి పోయారు.

హోస్ట్: మరి ఎన్నాళ్ళు జాగ్రత్తగా ఉండాలి?

అతిథి: ప్రమాణ స్వీకారం దాకా. కెన్యాలో అధ్యక్ష ఫలితం మీద 7 రోజుల్లోపు సుప్రీంకోర్టుకు వెళ్ళొచ్చు, కోర్టు 14 రోజుల్లో తేల్చాలి. 2022లో పోలింగ్ ఆగస్టు 9, ప్రకటన 15, తీర్పు సెప్టెంబర్ 5, ప్రమాణం 13. మొత్తం ఐదు వారాలు. 2017లో అయితే కోర్టు ఫలితాన్నే కొట్టేసింది, అక్టోబర్ 26న మళ్ళీ పోలింగ్ పెట్టారు. ఏ దేశానికి వెళ్ళినా ముందు ఈ తేదీలన్నీ గోడమీద రాసిపెట్టుకోండి. తొలిసారి ఎవరికీ మెజారిటీ రాకపోతే పెట్టే రెండో రౌండు పోలింగ్ ఉండే దేశమైతే అదీ రాయాలి. ఐవరీ కోస్ట్‌లో 2010 నవంబర్ 28న రెండో రౌండు జరిగితే, ఫలితం మీద గొడవ తేలేసరికి 2011 ఏప్రిల్ వచ్చింది.

హోస్ట్: అన్నాళ్ళంటే ఇంట్లో సరుకులు?

అతిథి: పోలింగ్‌కు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, చివరి వారంలో అందరూ దుకాణాల మీద పడతారు కాబట్టి. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు, పది రోజులకు 30 లీటర్లు. వంటకీ కడుక్కోడానికీ వేరే డ్రమ్ము. తిండి ఎక్కువ వండక్కర్లేనిదై ఉండాలి, గ్యాస్ అయిపోతే బియ్యం బస్తా ఉన్నా లాభం లేదు. రోజూ వేసుకునే మందులు 30 రోజులవి. ఇక నగదు. ఐవరీ కోస్ట్‌లోని పెద్ద నగరం అబిద్జాన్‌లో 2011 ఫిబ్రవరిలో బ్యాంకులు వరసగా మూతపడ్డాయి, ఖాతాలో డబ్బున్నా చేతికి రాలేదు. రెండు వారాల ఖర్చు స్థానిక నగదులో, అదీ చిల్లర నోట్లలో ఉంచుకోండి. డాలర్లయితే మడతలూ చిరుగులూ లేని కొత్త నోట్లు తీసుకోండి. పాతవి చాలాచోట్ల తిప్పి ఇచ్చేస్తారు.

హోస్ట్: ఫోన్లో డబ్బు పంపుకునే పద్ధతి ఉందిగా?

అతిథి: దాన్ని నమ్ముకోవద్దు. ఉగాండాలో 2016 పోలింగ్ రోజున సోషల్ మీడియాతోపాటు మొబైల్ మనీని కూడా ఆపేశారు. 2021లో పోలింగ్ ముందురోజు జనవరి 13న రాత్రి ఇంటర్నెట్టే కట్, 18 దాకా రాలేదు. ఆపేసిన యాప్‌లను దొడ్డిదారిన తెరిచే వీపీఎన్ ఉంది కదా అంటారు. ఒకట్రెండు యాప్‌లు ఆపితే అది పనిచేస్తుంది, మొత్తం తీగే కోసేస్తే ఏం చేస్తుంది?

హోస్ట్: అప్పుడు ఒకరి క్షేమం ఒకరికి ఎలా తెలుస్తుంది?

అతిథి: మామూలు కాల్, ఎస్‌ఎంఎస్. వేర్వేరు కంపెనీలవి రెండు సిమ్‌లు, రెండింట్లోనూ ముందే బ్యాలెన్స్. నంబర్లు కాగితం మీద. బ్యాటరీ రేడియో ఒకటి. ఆఫ్‌లైన్ మ్యాపు ముందే దింపుకోండి, దింపాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మ్యాపు తెరుచుకుంటుందో లేదో చూడండి. ఈ రెండో పని ఎవరూ చేయరు! శాటిలైట్ ఫోన్ మాత్రం స్థానిక అనుమతి లేకుండా పట్టుకెళ్ళొద్దు, కొన్ని దేశాల్లో అదే నేరం. ఇక రోజూ ఉదయం 7కి, సాయంత్రం 7కి ఒక మెసేజ్. ఒకటి తప్పితే ఫోన్ చేయాలి, రెండు తప్పితే ఎవరు ఎవరికి చెప్పాలో ముందే రాసి ఉండాలి. అది రాయకపోతే ‘వాడు చూసుకుంటాడులే’ అని అందరూ ఊరుకుంటారు.

హోస్ట్: బయటికెళ్ళక తప్పనప్పుడు?

అతిథి: ముందు బట్టలు చూసుకోవాలి. చాలా దేశాల్లో పార్టీకో రంగు. ఉగాండాలో పాలకపక్షానిది పసుపు, ప్రతిపక్ష నేత బోబీ వైన్ పక్షానిది ఎరుపు. అక్కడ ఎర్ర బెరే టోపీని 2019లో సైన్యం దుస్తుల జాబితాలో చేర్చారు, పెట్టుకుంటే కేసే. ర్యాలీ దగ్గర, పోలింగ్ కేంద్రం దగ్గర ఫోన్ బయటికి తీయొద్దు. కారులో ఎప్పుడూ సగం ట్యాంకు తగ్గకూడదు. 2008లో కెన్యా అల్లర్లతో అక్కడి మొంబాసా రేవు నుంచి వచ్చే దారులు తెగిపోయేసరికి ఉగాండాలోనూ ఇంధనానికి కటకట వచ్చింది. గొడవ పక్క దేశంలో జరిగినా మీ బంకు ఎండిపోవచ్చు.

హోస్ట్: డ్రైవరు స్థానికుడేగా, దారులు ఆయనకు తెలుసనుకుంటాం.

అతిథి: అక్కడే ఆగి ఆలోచించాలండీ. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి గుర్తింపు కార్డు అడిగే కుర్రాళ్ళు, కార్డు మీది ఇంటిపేరు చూసి ఏ తెగో పట్టేస్తారు. విదేశీయుణ్ణి వదిలేసి, పక్కన కూర్చున్న డ్రైవర్ని దింపిన సందర్భాలుంటాయి. మనకు ఇబ్బంది లేని దారి ఆయనకు చావుదారి కావచ్చు. ‘వెళ్దామా’ అని నలుగురిలో అడిగితే మొహమాటానికి సరే అంటారు, కాబట్టి విడిగా అడగండి. వద్దంటే జీతం కోతా ఉండకూడదు, కారణం చెప్పమని నిలదీయడమూ ఉండకూడదు.

హోస్ట్: సహాయ పంపిణీ సంగతేంటి? ఆకలి ఎన్నికల కోసం ఆగదు కదా.

అతిథి: నిజమే, కానీ అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. లబ్ధిదారుల జాబితా కోసం ఓటరు కార్డు నంబరు అడిగారనుకోండి, ‘ఎవరికి ఓటేశామో కనిపెడతారట’ అని సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. వేరే గుర్తింపు పత్రం తీసుకోండి, లేదా టోకెన్లు ఇవ్వండి. స్థానిక అభ్యర్థి వచ్చి రెండు బస్తాలు చేత్తో అందించి ఫొటో దిగుతానంటాడు. ఒక్కసారి ఒప్పుకున్నారా, అవతలి పార్టీ దృష్టిలో మీ గోదాం ఆ అభ్యర్థి గోదామే. అందుకే పోలింగ్‌కు పది రోజుల ముందే, వీలైతే రెండు విడతల రేషన్ కలిపి ఇచ్చేసి, ఫలితం వచ్చాక పరిస్థితి చూసి మళ్ళీ మొదలుపెట్టడం మేలు. చికిత్స, తాగునీరు మాత్రం ఆపకూడదు. ఎందుకు ఆపామో, మళ్ళీ ఎప్పుడిస్తామో స్థానిక భాషలో గోదాం తలుపు మీద అంటించాలి. చెప్పకుండా ఆపితే ‘మనవాళ్ళకి ఎగ్గొట్టారు’ అంటారు.

హోస్ట్: పరిస్థితి చెయ్యి దాటితే వెంటనే వెళ్ళిపోవడమేనా?

అతిథి: మూడు మెట్లున్నాయి. ఉన్నచోటే తలుపేసుకుని ఉండటం, దేశంలోనే మరో ఊరికి మారడం, దేశం దాటడం. తొలి రెండు మూడు రోజులు మొదటిదే తరచూ క్షేమం, ఎందుకంటే దాడులు ఎక్కువగా దారుల్లోనే. దేశం దాటడానికి కాగితాలు ముందే కావాలి. పొరుగు దేశం వీసా, ఎల్లో ఫీవర్ టీకా కార్డు, అప్పటికింకా గడువున్న మీ సొంత వీసా. గొడవల్లో ఆ కార్యాలయాలే తెరవరు. సంచి 15 కిలోలు దాటకూడదు, ల్యాప్‌టాప్ అందులోనే. లబ్ధిదారుల పేర్లున్న కాగితాలు మాత్రం ఆ సంచిలో పెట్టొద్దు. చెక్‌పోస్టులో అవి ఎవరి చేతిలో పడతాయో తెలియదు.

హోస్ట్: ఇన్సూరెన్సు?

అతిథి: పాలసీలో ‘పౌర కల్లోలం’ (సివిల్ అన్‌రెస్ట్) అనే మాట వెతకండి. చాలావాటిలో అది మినహాయింపుల పేజీలో ఉంటుంది. మీ ప్రభుత్వం వెళ్ళిపొమ్మన్నాక కూడా ఉండిపోతే వర్తించదనే షరతూ కొన్నింట్లో ఉంటుంది. విమానం ఎక్కకముందే సంస్థను రాతపూర్వకంగా అడగండి, ఆ జవాబు ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి.