12 లక్షల్లో పాత బీఎండబ్ల్యూ వస్తుంది సరే, కొనాలా?

అందరికీ నమస్తే. ఈ వీడియోకి కారణం మా బామ్మర్ది. పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "బావా, క్రెటా కొనే పైసలకి బీఎండబ్ల్యూ వస్తుంటే ఇంకా క్రెటా ఎందుకు?" అన్నాడు. ఫోన్‌లో నవ్వాను గానీ, పడుకున్నాక ఆలోచిస్తే అది నవ్వాల్సిన ప్రశ్నేం కాదనిపించింది. వాడి దగ్గరున్నది 12 లక్షలు. పెళ్ళైంది, ఒక పాప. ఆఫీసు గచ్చిబౌలి, అత్తగారిల్లు ఖమ్మం. ఆ డబ్బుల్లో పాత బీఎండబ్ల్యూ త్రీ సిరీస్, పాత ఆడి ఏ4, పాత మెర్సిడెస్ సీ క్లాస్, అన్నీ ఫోన్‌లో వరుసగా కనపడుతున్నాయి. మీలో చాలామందికి కూడా కనపడుతూనే ఉంటాయి.

అందుకే ఊరికే మాటలు చెప్పకుండా, మేమిద్దరం నిజంగా వెళ్ళి చూసిన ఒక బండి మీదే మొత్తం చూపిస్తాను. 2014 చివర్లో రిజిస్టర్ అయిన 320డీ, అంటే త్రీ సిరీస్‌లో డీజిల్ బండి, టీఎస్ 09 నంబరు, సెకండ్ ఓనర్, మీటరు మీద 78,000. అడిగింది 9 లక్షల 80 వేలు.

(ఢిల్లీ నంబరు కారు ఫోటో)

దాని కంటే ముందు వాడు నాకు పంపిన బండి ఇది. ఢిల్లీ బండి. ఇంకా కొత్త మోడల్, ధర ఇంకా అగ్గువ. ఎందుకంత అగ్గువ అంటే, 10 ఏళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ తర్వాత సడలింపుల గొడవలు నడిచినా, అక్కడివాళ్ళకి ఆ భయం పోలేదు. పదో ఏడు దగ్గర పడుతోందంటే చాలు, వచ్చినకాడికి అమ్మేస్తారు. ఆ బండ్లే ట్రక్కెక్కి మన దగ్గరికి వస్తాయి.

బండి బాగుండొచ్చు. కానీ ఇక్కడికొచ్చాక తెలంగాణలో మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆంధ్రలో అయినా అంతే. ఇక్కడే జనం పప్పులో కాలేస్తారు. మీరు 10 లక్షలకి కొన్నారు కదా అని 10 లక్షల మీద కాదు ట్యాక్సు. ఆ బండి కొత్తగా షోరూమ్ నుంచి బయటికొచ్చిన రోజు ఇన్వాయిస్‌లో ఎంతుందో దాని మీద. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది, నిజమే. కానీ 40 లక్షల బండికి తగ్గిన శాతం కూడా లక్షల్లోనే ఉంటుంది. కాబట్టి బండి బయటికి పోవడానికి అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ అంటే ఫారం 28, ఒరిజినల్ ఇన్వాయిస్, రెండూ చేతిలో పెట్టుకుని ఆర్టీఏలో లెక్క కట్టించుకున్నాకే ఢిల్లీ బండి ధర గురించి మాట్లాడండి. ఏజెంటు "అదంతా నేను చూసుకుంటా అన్నా" అంటే, కాగితం మీద రాసిమ్మని అడగండి. మావాడు అడిగాడు. మళ్ళీ ఫోన్ రాలేదు.

సరే, మన టీఎస్ 09 దగ్గరికి వద్దాం.

(బండి చుట్టూ తిరుగుతూ)

తెల్ల రంగు, లోపల లేత గోధుమ రంగు లెదర్. డోరు వేస్తే ఆ చప్పుడుందే, దానికే మావాడు సగం పడిపోయాడు. నేను మాత్రం బండి దగ్గరికి వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. మేం వచ్చేసరికే ఓనరు స్టార్ట్ చేసి, అర్ధగంట తిప్పి పెట్టాడు. అడిగితే "ఏసీ చల్లగా ఉండాలని సార్" అన్నాడు. పాపం మంచితనంతోనే చేశాడేమో. కానీ పాత డీజిల్ బండి అసలు రోగం చల్లటి ఇంజిన్‌లోనే బయటపడుతుంది. అందుకని ఆ రోజు ఇంజిన్ సంగతి పక్కన పెట్టి, మిగతావి చూసి, "రేపు పొద్దున 7కి వస్తాం, మేం వచ్చేదాకా తాళం తిప్పకండి" అని చెప్పొచ్చాం.

మొదటి రోజు ఏం చూశామంటే.

(సీటు బెల్టు లాగుతూ, దగ్గరగా)

ఇది చూడండి. సీటు బెల్టును చివరంటా లాగాలి. మామూలుగా పెట్టుకున్నప్పుడు బయటికి రాని ఆఖరి మూరెడు ఉంటుంది చూడండి, అదీ మనం చూడాల్సింది. నీళ్ళలో మునిగిన బండిని ఎంత కడిగినా, సీట్లు మార్చినా, ఆ చుట్టలోపలి బెల్టు మీద చాలాసార్లు గోధుమ రంగు చార మిగిలిపోతుంది. మన దగ్గర 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలొచ్చాయి, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగింది, 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. ఆ బండ్లన్నీ తుక్కుకి పోలేదు. కొన్ని పాలిష్ కొట్టుకుని అమ్మకానికొచ్చాయి.

ఈ బండికి ఇంకొకటి కూడా చూడాలి. త్రీ సిరీస్‌లో బ్యాటరీ ముందు ఉండదు, డిక్కీలో కుడి పక్కన ఉంటుంది. కార్పెట్ ఎత్తి, ఆ గుంతలో వేలు పెట్టి గీకండి. మట్టి వస్తే ఇంక మాటల్లేవు, నమస్తే చెప్పి వచ్చేయండి. ఎందుకంటే ఈ బండ్లలో ఎలక్ట్రానిక్ డబ్బాలు సీట్ల కింద, డిక్కీలో, ఎక్కడెక్కడో ఉంటాయి. నీళ్ళు తాగిన డబ్బా ఇవాళ పనిచేస్తుంది, ఆర్నెల్లకి ఒక్కొక్కటిగా పోతుంది. ఈ బండిలో బెల్టు శుభ్రంగా ఉంది, గుంత కూడా పొడిగానే ఉంది. అన్నట్టు ఈ బ్యాటరీ పోతే మామూలు కారుకి లాగా కొత్తది తెచ్చి బిగిస్తే సరిపోదు. కొత్త బ్యాటరీ వేశామని స్కానర్‌తో బండికి చెప్పాలి. వీధి చివర బ్యాటరీ షాపాయనకి ఆ స్కానర్ ఉండకపోవచ్చు.

టైరు మీద ఒక చిన్న గుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. దీనికి 3418 అని ఉంది. అంటే 2018లో 34వ వారం తయారైంది. పెద్దగా అరగలేదు, పైకి కొత్తలా ఉంది, కానీ రబ్బరు ముసలిదైపోయింది. నాలుగూ మార్చాల్సిందే. ఇవి రన్‌ఫ్లాట్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి. మాకు ఒక్కో టైరుకి చెప్పిన రేటు 17 వేలు. రాసుకోండి, 68 వేలు.

మీటరు 78,000 నిజమేనా? స్టీరింగు లెదర్, బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు బయటి అంచు, ఈ మూడూ మీటరుతో పాటే ముసలివవ్వాలి. మీటరు వెనక్కి తిప్పేవాడు ఈ మూడూ మార్చడం అరుదు. దానికి తోడు ఓనరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయించి, చాసిస్ నంబరు మీద సర్వీస్ హిస్టరీ తెప్పించుకోండి. ఈయన తెప్పించాడు, లెక్క కుదిరింది. కాకపోతే ఆ హిస్టరీలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు. "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అన్నాడు. బీఎండబ్ల్యూ అలాగే చెప్తుంది. కానీ ఈ 8 స్పీడ్ గేర్‌బాక్స్ తయారు చేసేది జెడ్ఎఫ్ అనే కంపెనీ. వాళ్ళు మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్ళకి మార్చమంటారు. నేను జెడ్ఎఫ్ మాటే వింటాను. అడుగున ఆయిల్ ప్యాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దాంట్లోనే కలిసి ఉంటుంది, మొత్తం ఒకేసారి మార్చాలి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఓనరు పేరు, హైపోథికేషన్ అంటే బండి మీద లోను, ఇన్సూరెన్స్ చూడండి. లోను ఉంటే అది తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ రాకుండా రూపాయి ఇవ్వకండి. చలానాలు చూడండి, ఈ బండికి పదకొండున్నాయి. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బిచ్చే రోజే. ఆర్సీ 15 ఏళ్ళకే కదా, అంటే 2029లో రెన్యువల్. మీరు మళ్ళీ అమ్మాలనుకునేసరికి అదొక మాట వస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు. ఇంత వయసున్న బండికి జీరో డెప్, అంటే పార్టుల మీద తరుగు కొయ్యని పాలసీ, దొరకడం కష్టం. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి కంపెనీ ఇచ్చేది సగమే. ఈ బండి ముందు భాగంలో ప్లాస్టిక్ కానిది ఏముంది చెప్పండి? బంపరు ప్లాస్టిక్, హెడ్‌లైటు ప్లాస్టిక్, గ్రిల్ ప్లాస్టిక్. మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఒక ఆటో ముద్దు పెట్టిందంటే బిల్లులో సగం మన జేబు నుంచే. కొన్నది 10 లక్షల బండే అయినా హెడ్‌లైటుకి 10 లక్షల బండి రేటు ఉండదు కదా. దాని రేటు దానిదే.

(మర్నాడు పొద్దున, బండి ముందు)

ఇప్పుడు అసలు విషయం. పొద్దున 7 దాటింది, బానెట్ చల్లగా ఉంది. నేను బానెట్ ఎత్తి, ఇంజిన్ వెనక వైపు, అంటే డ్యాష్‌బోర్డు వైపు చెవి పెట్టాను. మావాడిని స్టార్ట్ చెయ్యమన్నాను. వినండి.

(ఇంజిన్ చప్పుడు)

ఆ డీజిల్ టకటక మామూలే. దాని కింద ఇంకొకటి వినపడుతోందా? రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ఇంకా తెలుస్తుంది. నిమిషంన్నరకి తగ్గిపోయింది. నిన్న వేడి ఇంజిన్‌లో ఇది అసలు లేదు.

ఈ ఇంజిన్ పేరు ఎన్47. మంచి ఇంజిన్, 184 గుర్రాల బలం, మైలేజీ కూడా బాగా ఇస్తుంది. దీనికున్న పెద్ద చెడ్డ పేరు టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ లోపల వాల్వుల్ని పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే గొలుసు. చైన్ సాగుతుంది, దాన్ని దారిలో ఉంచే గైడ్లు అరుగుతాయి, మరీ వదిలేస్తే తెగుతుంది కూడా. తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, ఇంజిన్ పోతుంది. చాలా ఇంజిన్లలో చైన్ ముందు వైపు ఉంటుంది, విప్పడం తేలిక. ఇందులో గేర్‌బాక్స్ వైపు పెట్టారు. అంటే చైన్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి లేదా ఇంజిన్ బయటికి తియ్యాలి. దీని తర్వాత వచ్చిన బీ47 ఇంజిన్ 2016 నుంచి మన దగ్గరి త్రీ సిరీస్‌లో వచ్చింది. దానికి ఈ చైన్ చెడ్డ పేరు ఇంతగా లేదు, అందుకే ఆ మోడల్‌కి లక్షో రెండు లక్షలో ఎక్కువైనా పెట్టొచ్చంటాను.

మాకు తెలిసిన మెకానిక్‌కి ఆ చప్పుడు రికార్డు చేసి పంపించాం. వినగానే "చైనే సార్" అన్నాడు. పార్టులు, కూలీ కలిపి లక్షా 80 వేలన్నాడు. "విప్పాక ఇంకేమైనా కనపడితే మళ్ళీ చెప్తా" అన్నాడు. ఆ "విప్పాక" అనే మాట దగ్గర మావాడి మొహం చూడాల్సింది.

ఇంకా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పాం, గేర్లు నున్నగా పడుతున్నాయి, 120లో స్టీరింగు వణకలేదు. స్కానర్ పెడితే ఒక్క ఫాల్ట్ కోడ్, అంటే బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న లోపం, కూడా లేదు. పదకొండేళ్ళ బండిలో ఒక్కటీ లేకపోవడం నాకు నచ్చదు, ముందు రోజే చెరిపేసి ఉండొచ్చు. అందుకే ఓ 40 కిలోమీటర్లు తిప్పాక మళ్ళీ పెట్టాం. రెండొచ్చాయి, చిన్నవే.

ఇప్పుడు లెక్క. ఓనరు 9.50కి దిగాడు అనుకుందాం. ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్ 45 వేలు. టైర్లు 68 వేలు. గేర్‌బాక్స్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ అన్నీ కలిపి మొదటి సర్వీసు 80 వేలు. ఇక్కడికే 11 లక్షల 43 వేలు. ఇంకా చైన్ ముట్టుకోలేదు. అది కలిపితే 13 లక్షల 23 వేలు. మావాడి దగ్గరున్నవి 12.

చైన్ చప్పుడు లేకపోయినా 11.43 దగ్గర నేను వద్దనే అనేవాణ్ణి. నా పద్ధతి ఒకటే. 12 ఉంటే 9కి మించిన బండి చూడొద్దు. ఆ మిగతా మూడులో ఒకటిన్నర మొదటి నెలలోనే పోతుంది, ఇంకో ఒకటిన్నర బ్యాంకులో ఆ బండి పేరు మీదే ఉండాలి. ఏసీ కంప్రెసరో, సస్పెన్షన్ ఆర్మో పోయిన రోజు క్రెడిట్ కార్డు తియ్యకూడదు. లోను తీసుకుని ఇలాంటి బండి కొంటానంటే మాత్రం నేను సాయం రాను. ఈఎంఐ, రిపేరు రెండూ ఒకే నెలలో వచ్చే రోజు ఒకటి తప్పకుండా ఉంటుంది.

వేరే బండ్లు అడుగుతారని తెలుసు. 2009 నుంచి 2012 దాకా వచ్చిన ఆడి ఏ4 టర్బో పెట్రోలు, అంటే టీఎఫ్ఎస్ఐ అయితే ఇంజిన్ ఆయిల్ తాగుతుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న, డిక్కీలో ఆయిల్ డబ్బా కనపడితే జవాబు దొరికినట్టే. ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉన్న పెద్ద బండ్లు చూస్తుంటే రాత్రి పార్కు చేసిన బండిని పొద్దున చూడండి, ఒక మూల కుంగి ఉంటే వదిలెయ్యండి. స్కోడా సూపర్బ్ పాత 1.8 పెట్రోలులో వచ్చే 7 స్పీడ్ డ్రై క్లచ్ డీఎస్జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కంటే, 2.0 డీజిల్‌లో వచ్చే 6 స్పీడ్ వెట్ క్లచ్‌ది నాకు ఎక్కువ నమ్మకం. వెనక సీట్లో కాళ్ళు చాపుకునే చోటుకి సూపర్బ్‌ని మించింది ఈ డబ్బుల్లో లేదు. మావాడికి అదే చెప్పాను. "బావా, స్కోడా అంటే ఆఫీసులో ఎవరు చూస్తారు?" అన్నాడు. అక్కడ నా దగ్గర మెకానిక్ నంబరు ఉంది గానీ, మందు లేదు.

ఓనరుకి చైన్ సంగతి చెప్పి, 7.60 అయితే తీసుకుంటామన్నాం. ఆయనకి కోపమొచ్చింది. మూడేళ్ళుగా ఆ చప్పుడుతోనే తిరుగుతున్నానన్నాడు. అలా ఆ మాట ఆయన నోటితోనే బయటికొచ్చింది. దండం పెట్టి వచ్చేశాం.

నిన్న రాత్రి మళ్ళీ పదకొండింటికి ఫోన్. ఈసారి 2016 సీ క్లాస్ పెట్రోలు, కొంపల్లిలో ఉందట. "బావా, పొద్దున 7కి వస్తామని చెప్పా. బానెట్ వేడిగా ఉంటే వెనక్కెళ్ళిపోతామని కూడా చెప్పా" అన్నాడు. ఆదివారం వెళ్తున్నాం, కెమెరా తీసుకునే.